బోటులో కరెంటు పోతే అందరూ తిట్టేది బ్యాటరీనే: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను కావలి పక్కన బోట్లకు వైరింగ్ పని చేస్తాను. మొదట్లో ట్రాక్టర్లకు, లారీలకు చేసేవాణ్ణి. తర్వాత జువ్వలదిన్నె, తుమ్మలపెంట, ఇసకపల్లి వాళ్ళు పిలవడం, ఆ మీదట పాకల, కొత్తపట్నం దాకా వెళ్ళడం అలవాటైంది. ట్రాక్టరు పొలంలో ఆగిపోతే డ్రైవరు నడుచుకుంటూ ఇంటికి పోతాడు, బోటు నడిసముద్రంలో ఆగిపోతే పోవడానికి దారి ఉండదు, అందుకే ఈ పనిలో చిన్న తప్పు చేసినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు. వేట నుంచి తిరిగొచ్చిన వాళ్ళు చెప్పే మాటల్లో కొన్ని ఏళ్ళ తరబడి అలాగే తిరుగుతున్నాయి, వాటి వల్ల డబ్బు పోతోంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తోంది. నాకు తెలిసినంతవరకు ఒక్కొక్కటి చెప్తాను.

అపోహ: సెల్ఫ్ కొట్టకపోతే బ్యాటరీ అయిపోయినట్టే, కొత్తది వేయాలి

పదిసార్లలో ఎక్కువసార్లు నేను చూసింది బ్యాటరీ తప్పు కాదు, జాయింటు తప్పు. ఒకాయన ఒకే ఏడాదిలో రెండు కొత్త బ్యాటరీలు కొన్నాడు. మూడోది కొనడానికి డబ్బులు సర్దుతూ, ఎందుకైనా మంచిదని నన్ను పిలిచాడు. చూస్తే ఇంజన్ బాడీకి బిగించిన ఎర్త్ వైరు కింద పెయింటు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట విరామం కదా, ఆ రోజుల్లో బోటుకూ ఇంజనుకూ రంగులు వేయించాడు, పెయింటర్ ఎర్త్ బోల్టు విప్పి, రంగు వేసి, ఆ రంగు మీదే మళ్ళీ బిగించాడు. రంగు పొర మధ్యలో ఉంటే కరెంటు ఎలా పోతుంది? గీకి, లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్క) శుభ్రం చేసి బిగిస్తే పాత బ్యాటరీతోనే ఒక్క దెబ్బకు స్టార్ట్ అయింది. ఆయన ముఖం చూస్తే నాకే బాధేసింది, రెండు బ్యాటరీల డబ్బు అంటే మాటలా?

సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు పోయే దారిలో కొంచెం చిలుము ఉన్నా, కొంచెం లూజు ఉన్నా అక్కడే ఆగిపోతుంది. దీన్ని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఒక మామూలు మల్టీమీటరు చాలు. మీటరు ఒక పిన్ను బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది ఇంజన్ బాడీ మీద శుభ్రంగా ఉన్న ఇనుము మీద పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారిలోనే లోపం ఉన్నట్టు. ప్లస్ వైపు కూడా బ్యాటరీ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా ఇలాగే చూడండి. మీటరు లేకపోతే కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టి, ఆపిన తర్వాత లగ్గులను జాగ్రత్తగా తాకండి, ఏది వేడిగా ఉంటే జాయింటు చెడింది అక్కడే.

బ్యాటరీ బాగుందో లేదో కూడా మీటరే చెప్తుంది. రెండు మూడు గంటలు ఏ లోడూ లేకుండా ఉంచి చూస్తే 12.6 వోల్టులు లేదా కొంచెం పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగం, 11.9 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. ఇంజన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. ఇంజన్ తిరుగుతున్నా 12 దగ్గరే నిలబడిందంటే డైనమో ఛార్జింగ్ ఇవ్వడం లేదు, ముందు బెల్టు చూడండి.

అపోహ: నిప్పు రవ్వ వస్తే బ్యాటరీలో ప్రాణం ఉన్నట్టే

ప్లస్, మైనస్ మధ్య స్పానరు తాకించి రవ్వ చూసేవాళ్ళను నేను ఇప్పటికీ చూస్తున్నాను, చూసినప్పుడల్లా చేయి పట్టుకుని ఆపుతాను. ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దానికి రవ్వ తగిలితే బ్యాటరీ పేలుతుంది, యాసిడ్ ముఖం మీద పడుతుంది. బోటులో బ్యాటరీ పెట్టెకు గాలి ఆడే రంధ్రం పై భాగంలో ఉండాలి, హైడ్రోజన్ తేలిక కాబట్టి పైకే పోతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఈ ఒక్క వరస పాటిస్తే స్పానరు ఇంజనుకు తగిలినా రవ్వ రాదు.

ఇంకొకటి. బోటులోకి నీళ్ళు వచ్చి బ్యాటరీ మునిగితే ఉప్పునీళ్ళు లోపలి యాసిడ్‌తో కలిసి క్లోరిన్ పుట్టవచ్చు, బ్లీచింగ్ పౌడర్ లాంటి ఘాటు వాసన వస్తుంది. ఆ వాసన వస్తే తల లోపల పెట్టి చూడొద్దు, మూత తెరిచి గాలి ఆడనివ్వండి.

అపోహ: టేపు గట్టిగా చుడితే నీళ్ళు దిగవు

ఇది నేనూ నమ్మేవాణ్ణి, లారీల పని నుంచి వచ్చిన అలవాటు. కానీ ఉప్పుగాలి వేరు. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుడితే నీళ్ళు అంచుల నుంచి దిగుతాయి, దిగినవి బయటికి రావు, టేపు తడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి జాయింటు ఎప్పటికీ ఆరదు. ఆరు నెలల తర్వాత టేపు విప్పితే లోపల పచ్చ చిలుము, రాగి నల్లబడి పొడి రాలుతుంది. పైకి చూస్తే టేపు కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

సరైన పద్ధతి: వైరు చివర క్రింపింగ్ లగ్గు వేసి ప్లయరుతో కాకుండా క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి, వేడి చేస్తే జిగురు కరిగి వైరు చుట్టూ మూసుకుంటుంది. తగరం పూత ఉన్న రాగి వైరు దొరికితే ఇంకా మంచిది, ధర ఎక్కువే కానీ మామూలు రాగి కంటే చాలా ఏళ్ళు వస్తుంది. జాయింట్లన్నీ వీలైనంత ఎత్తులో పెట్టండి, బోటు అడుగున నీళ్ళు చేరే చోట ఒక్క జాయింటు కూడా ఉండకూడదు.

టెర్మినల్‌కు గ్రీజు రాయడం మంచి అలవాటే, కానీ వరస ముఖ్యం. ముందు గ్రీజు పూసి తర్వాత బిగిస్తే కరెంటుకు మనమే అడ్డం పెట్టినట్టు. గీకి, శుభ్రం చేసి, గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన వాసెలిన్ పూయండి.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్ద ఫ్యూజు వేసుకోవాలి

ఫ్యూజు కాపాడేది లైటునో వైర్‌లెస్ సెట్టునో కాదు, వైరును. 5 ఆంపియర్ల ఫ్యూజు పోతోందని 20 ఆంపియర్లది వేసినా, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టినా, అప్పుడు ఫ్యూజుకు బదులు కాలేది వైరు. ఫైబర్ బోటు అంటుకుంటే ఎంత వేగంగా కాలుతుందో చూసినవాళ్ళకు తెలుసు, పక్కనే డీజిల్ క్యాను కూడా ఉంటుంది. 12 వోల్టులే కదా ఏం చేస్తుంది అంటారు. మనిషికి షాక్ కొట్టకపోవచ్చు, నిప్పు పుట్టడానికి మాత్రం 12 వోల్టులు చాలా ఎక్కువ.

ఫ్యూజు ఎందుకు పోతోందో వెతకండి: ఎక్కడో వైరు తొక్కు అరిగి ఇనుముకు తగులుతోంది, లేదా లైటు హోల్డరులో ఉప్పునీళ్ళు నిలిచాయి. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు లోపే ఉండాలి, ఎందుకంటే బ్యాటరీకి ఫ్యూజుకు మధ్య ఉన్న వైరుకు కాపలా లేదు. చేతికందే చోట మెయిన్ కటాఫ్ స్విచ్ పెట్టించుకోండి. నిప్పు పుడితే మొదట నొక్కాల్సింది అదే, తర్వాతే డ్రై పౌడర్ సిలిండరు. కరెంటు ఆపకుండా ఎంత కొట్టినా మళ్ళీ రాజుకుంటుంది.

అపోహ: వైర్‌లెస్‌లో మన మాట పోవడం లేదంటే సెట్టు చెడిపోయినట్టు

ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వీహెచ్ఎఫ్ సెట్టులో, అంటే బోటు వైర్‌లెస్‌లో, అవతలి వాళ్ళ మాటలు వినిపిస్తాయి, మనం బటన్ నొక్కి మాట్లాడబోతే సెట్టు ఆరిపోతుంది లేదా అవతలి వాళ్ళకు ఏమీ వినపడదు. వినేటప్పుడు సెట్టు ఒక ఆంపియర్ కూడా తీసుకోదు. పూర్తి 25 వాట్లతో మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి సెట్టుకు ఇంట్లో లైట్లకు వాడే సన్న వైరు, 1.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగారనుకోండి. దూరం 6 మీటర్లు, రానుపోను 12 మీటర్లు. 6 ఆంపియర్లు పోయేటప్పుడు ఒక వోల్టు దాకా ఆ దారిలోనే తగ్గిపోతుంది. బ్యాటరీ 12 దగ్గర ఉంటే సెట్టుకు అందేది 11. జాయింటులో చిలుము కూడా ఉంటే ఇంకా తక్కువ. సెట్టు చెడలేదు పాపం, దానికి తిండి అందడం లేదు. కనీసం 4 స్క్వేర్ ఎంఎం వైరు వేసి, బ్యాటరీ నుంచి నేరుగా, విడిగా ఫ్యూజుతో ఇవ్వండి.

ఛానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ఆపదలో పిలిచే ఛానల్. ప్రతి వేటకు ముందు ఒడ్డున ఉండగానే వేరే ఛానల్‌లో పక్క బోటును పిలిచి మన మాట వినపడుతోందా అడగండి. మీకు వినిపిస్తోంది కాబట్టి సెట్టు బాగుందనుకోవద్దు, ఆపద వచ్చినప్పుడు మీరు మాట్లాడాలి కదా. సెట్టులో గరగర శబ్దం ఉంటే చవక ఎల్ఈడీ లైట్లు ఒక్కొక్కటే ఆర్పి చూడండి, చాలాసార్లు వాటి నుంచే వస్తుంది.

అపోహ: బ్యాటరీ తీసేసినా ఇంజన్ నడుస్తుంది, కాబట్టి ఫర్వాలేదు

సగం నిజం. మన పాత రకం చిన్న డీజిల్ ఇంజన్ ఒకసారి అందుకుంటే దానికి కరెంటు అక్కర్లేదు. కానీ కరెంటుతో తెరుచుకునే డీజిల్ వాల్వు ఉన్న ఇంజన్లు, కంప్యూటరు ఉన్న కొత్త ఇంజన్లు కరెంటు పోగానే ఆగిపోతాయి. మీది ఏ రకమో ఒడ్డున ఉన్నప్పుడే తెలుసుకోండి. ఏ రకమైనా సరే, డైనమో తిరుగుతుండగా బ్యాటరీ వైరు పీకొద్దు. వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డైనమోలో డయోడ్లు పోతాయి, దాంతోపాటు జీపీఎస్, ఫిష్ ఫైండరు కూడా పోవచ్చు.

చేతి హ్యాండిల్‌తో స్టార్ట్ చేసే వీలున్న ఇంజనైతే ఆ పని మర్చిపోకండి. డీకంప్రెషన్ లివరు (ఇంజన్ సులువుగా తిరిగేలా లోపలి ఒత్తిడి వదిలేసేది) ఎత్తి, ఇంజన్ బాగా వేగం అందుకునేలా తిప్పి, లివరు దించాలి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచండి, ఎదురు తన్నితే వేలు విరిగేది బొటనవేలితో చుట్టి పట్టుకున్నవాళ్ళకే. తాడు లాగే అవుట్‌బోర్డ్ ఇంజన్ ఎంతకీ అందుకోకపోతే ముందు ఇంజన్ ఆపే స్విచ్‌కు ఉండే ఎర్ర తాడు క్లిప్పు ఊడిందేమో చూడండి, అది ఊడితే ప్లగ్గుకు కరెంటే రాదు. దీనికోసం నన్ను తుమ్మలపెంట దాకా రప్పించారు ఒకసారి.

అపోహ: రెండు బ్యాటరీలు కలిపి కడితే ఎప్పటికీ ఇబ్బంది ఉండదు

కలిపి కడితే రెండూ కలిసే ఖాళీ అవుతాయి. రాత్రంతా లైట్లు, జీపీఎస్, ఫోన్ ఛార్జింగ్ నడిచాక తెల్లారి చూస్తే రెండింట్లోనూ సెల్ఫ్ తిప్పే బలం ఉండదు. ఇంజనుకు ఒకటి, లైట్లకు ఒకటి విడిగా ఉండాలి, మధ్యలో మార్చుకునే స్విచ్ ఉండాలి. అవసరం పడితే అప్పుడు కలుపుకోవచ్చు. కలిపేటప్పుడు ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్, తడబడి ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కు కడితే 24 వోల్టులై సామాను మొత్తం కాలిపోతుంది.

అపోహ: తడిసిన జీపీఎస్‌ను ఎండలో పెట్టినా, బియ్యంలో పెట్టినా చాలు

నీళ్ళు ఆరతాయి, ఉప్పు ఆరదు. ముందు కరెంటు తీసేయండి, ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడగండి, తర్వాత నీడలో గాలికి ఆరబెట్టండి. పూర్తిగా ఆరకముందే ఆన్ చేసి చూడాలనే ఆత్రం వద్దు.

అపోహ: బోటులో కరెంటు పోతే ఇక ఎవరికీ చెప్పే దారి లేదు

రాత్రిపూట ఒక్కసారిగా అంతా చీకటైతే టెన్షన్ ఎలా ఉంటుందో నాకు చెప్పాల్సిన పని లేదు, ఒక ట్రయల్‌కు వెళ్ళి నేనూ అలా ఇరుక్కున్నాను. ముందు టార్చి వెలిగించండి, అది లేని బోటు ఒడ్డు దాటకూడదు. కృష్ణపట్నం వైపు పెద్ద ఓడలు తిరుగుతుంటాయి, వాటికి చీకట్లో ఉన్న చిన్న బోటు కనపడదు, కాబట్టి సొంత సెల్‌తో వెలిగే ఒక తెల్లలైటు ఎప్పుడూ విడిగా ఉంచి దాన్ని అన్ని వైపులా కనపడేలా ఎత్తులో కట్టండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ పోస్టుల దగ్గర వైర్లు కదిలించి చూడండి. లూజుగా ఉంటే బిగించండి. తర్వాత మెయిన్ ఫ్యూజు. అది పోయి ఉంటే అన్ని లైట్ల స్విచ్‌లూ ఆపి కొత్త ఫ్యూజు వేసి, మెయిన్ స్విచ్ వేసి, లైట్ల స్విచ్‌లు ఒక్కొక్కటే వేయండి. ఏ స్విచ్ వేసినప్పుడు మళ్ళీ పోయిందో లోపం ఆ వైరులో ఉంది, దాన్ని వదిలేసి మిగతావాటితో ఇంటికి రండి.

అప్పటికీ దారి లేకపోతే ఇస్రో తయారుచేసిన, ఆపద కబురు పంపే డాట్ అనే పరికరం ఉంది. దానికి సొంత బ్యాటరీ ఉంటుంది, బోటు బ్యాటరీతో సంబంధం లేదు. బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా కోస్ట్‌గార్డ్ సహాయ కేంద్రాలకు మీరు ఉన్న చోటు చేరుతుంది. 2024లో వచ్చిన రెండో తరం డాట్‌లో అయితే మీ సందేశం అందిందని తిరిగి జవాబు కూడా వస్తుంది. సెల్ సిగ్నల్ ఉన్నంత దూరంలో ఉంటే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. డాట్ ఉన్నవాళ్ళు దాని బ్యాటరీ గడువు తేదీ ఈ రోజే చూడండి, దాన్ని వలల కింద పడేయకుండా చీకట్లో చేయి చాపితే అందే చోట కట్టి ఉంచండి.