ఐదు గంటల పెళ్లి ఒక్క డీవీడీలో పడుతుందా? అపోహలు - వాస్తవాలు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక సందులో మాది చిన్న స్టూడియో. పాత క్యాసెట్లు, ఫోన్లో తీసిన ఫంక్షన్లు డీవీడీకి ఎక్కించుకోవడానికి జనం ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఇంట్లో ముసలివాళ్లకు పెన్‌డ్రైవ్ పెట్టుకోవడం రాదు, డిస్కు వేసుకోవడం వచ్చు. పోయిన నెల హాలియా నుంచి ఒక తమ్ముడొచ్చాడు. చెల్లె పెళ్లి, ఐదున్నర గంటల వీడియో.

"అన్నా, ఫైల్ నాలుగు జీబీనే. డిస్కేమో నాలుగు పాయింట్ ఏడు. ఇంకా జాగ మిగులుతది. మూడు డిస్కులెందుకు?"

డబ్బులు గుంజడానికి చెప్తున్నానని అతని మొహంలోనే కనిపించింది. వారానికి ఒకసారైనా ఇదే పంచాయితీ.

అపోహ: ఫైల్ సైజు డిస్కు కంటే తక్కువుంటే చాలు, మొత్తం పడుతుంది.

వాస్తవం: చూడాల్సింది జీబీలు కాదు, నిమిషాలు. మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఎంపీ4. పాత డీవీడీ ప్లేయర్‌కు అర్థమయ్యేది ఎంపెగ్2, అంటే వీడియోను కుదించే పాత పద్ధతి. అదే బొమ్మను అదే నాణ్యతతో చూపించడానికి ఎంపెగ్2కు చాలా ఎక్కువ జాగా కావాలి. మార్చడం మొదలుపెట్టగానే మీ నాలుగు జీబీ లెక్క చెల్లదు. దీనికి తలకిందుల కేసు కూడా వస్తుంది. మినీడీవీ టేపు, అంటే చేతి కెమెరాల్లో వాడిన చిన్న క్యాసెట్, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే గంటకు దాదాపు 13 జీబీ అవుతుంది. అది చూసి మూడు డిస్కులు కొనుక్కొచ్చినాయన ఉన్నాడు. ఆ గంట ఒక్క డిస్కులో హాయిగా పట్టింది, మిగతా రెండూ జేబులో పెట్టి పంపించాను.

కౌంటర్ వెనక గోడ మీద నేను రాసి పెట్టుకున్న లెక్క ఒకటుంది. 600ను నిమిషాలతో భాగించండి. వచ్చేదే సెకను వీడియోకు ఎన్ని మెగాబిట్ల సమాచారం ఇవ్వగలమో ఆ అంకె, మాటలు పాటలు అన్నీ కలుపుకొని. రెండు గంటలకు 5 వస్తుంది, బాగుంటుంది. మూడు గంటలకు 3.3, సర్దుకోవచ్చు. ఐదున్నర గంటలకు 1.8. ఇక్కడే కొంప మునుగుతుంది. గంట కంటే తక్కువున్నా 8 దాటించను. ప్రమాణం ప్రకారం బొమ్మకు 9.8 దాకా వెళ్లొచ్చు గానీ, రాసిన డిస్కుల మీద అంత పెడితే పాత ప్లేయర్లు తడబడతాయి.

1.8తో ఏమవుతుందో చూడాలంటే తలంబ్రాల దగ్గర ఆపి చూడండి. పంతులు మంత్రం చదువుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, ఎందుకంటే తెర మీద పెద్దగా ఏదీ కదలదు. దోసిళ్లు లేచి బియ్యం గింజలు గాల్లోకి ఎగరగానే ప్రతి గింజా కొత్త సమాచారమే. బిట్లు చాలవు. గింజలు పోయి గళ్లు గళ్లుగా పసుపు మరకలు మిగులుతాయి, పెళ్లికూతురి ముక్కుపుడక దగ్గర ఒక చతురస్రం వణుకుతుంటుంది. బరాత్ ఇంకా ఘోరం. రాత్రి చీకటి, ఫ్లాష్‌లు, వందమంది డాన్సు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దమ్మ డిస్కు పట్టుకొని వచ్చింది. బిడ్డ పెళ్లిది. భర్త పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకానికి ఫొటో పెద్దగా కట్టించాలి. ఆయనకు విడిగా మంచి ఫొటో లేదట. కన్యాదానంలో అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు కెమెరా ఆయన మొహం మీద బాగా నిలిచిందని ఆమెకు గుర్తు. డిస్కు వేశాను. నిజమే, నిలిచింది. కానీ కళ్లున్న చోట మూడు గళ్లు, మీసం ఉన్న చోట రెండు.

డిస్కు బయటికి తీసి తిప్పి చూస్తే దాని మీద మార్కర్ రాత నాదే. 2009లో మూడేసి గంటల వీహెచ్‌ఎస్ క్యాసెట్లు రెండింటిని డీవీడీ రికార్డర్‌లో ఆరు గంటల మోడ్ పెట్టి ఒక్క డిస్కులో కుక్కాను. డబ్బా మీద ఆరు గంటలు అని రాసి ఉంది కదా అనుకున్నాను. ఆ మోడ్‌లో నా రికార్డర్ బొమ్మను 352×288 చుక్కలకి (పిక్సెళ్లకి) కుదించేసేది.

"క్యాసెట్లు ఉన్నయా పెద్దమ్మా?" అని అడిగాను.

"డిస్కు చేసినంక ఇంక అవెందుకని నువ్వే అంటివి గద బిడ్డా. పాత సామానోడికి ఏసిన."

నాకు మాట రాలేదు. డబ్బులు తీసుకోకుండా దొరికినంతలో ఒక ఫ్రేమ్ చిన్న సైజులో ప్రింట్ తీసి ఇచ్చాను. ఆమె కొంగుతో తుడుచుకుంటూ చూసింది, ఏమీ అనలేదు.

ఇలాంటప్పుడు పక్కనున్న పిల్లలు "ఏఐతో క్లియర్ చేయొచ్చు కదా అంకుల్" అంటారు. చేస్తే కళ్లొస్తాయి, మీసమొస్తుంది. కానీ అవి ఆయనవి కావు, సాఫ్ట్‌వేర్ ఊహించినవి. పెద్దమ్మకు వేరే మనిషి ఫొటో ఎలా ఇస్తాను?

మరి పొడుగు వీడియో ఉన్నవాళ్లు టెన్షన్ పడాల్సిన పని లేదు. కెమెరా, ఫోన్ వీడియోలైతే డిస్కుకు రెండు గంటలు. వీహెచ్‌ఎస్ అయితే 352×576 సైజులో మూడు గంటలు పెట్టినా పెద్దగా నష్టం లేదు, ఆ టేపులోనే అంతకు మించి వివరం ఉండదు. ఆడియో మాత్రం ఏసీ3 పెట్టమనండి, అది శబ్దాన్ని కుదించే పద్ధతి. పీసీఎం, అంటే కుదించని శబ్దం పెడితే రెండు గంటలకు శబ్దమే 1.4 జీబీ తింటుంది, ఏసీ3 సెకనుకు 192 కిలోబిట్లలో 170 ఎంబీతో పోతుంది. టూ పాస్ అడగండి, అంటే వీడియోను ఒకసారి మొత్తం చూసుకొని రెండోసారి మార్చడం. కదలిక ఎక్కువున్న చోట ఎక్కువ, తక్కువున్న చోట తక్కువ పంచుతుంది. సమయం రెట్టింపు పడుతుంది, రేపు రమ్మంటే విసుక్కోకండి. టూ పాస్ కదా అని ఆరు గంటలు ఇవ్వకండి మళ్లీ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కొత్త డిస్కు కంప్యూటర్‌లో 4.38 జీబీ అని కనిపిస్తే షాపువాడు మోసం చేయలేదు, లెక్కపెట్టే పద్ధతి వేరంతే. డ్యూయల్ లేయర్ అంటే రెండు పొరల డిస్కు, 8.5 జీబీ, నిజంగానే ఎక్కువ పడుతుంది, కానీ కొన్ని పాత ప్లేయర్లు చదవవు. ముందు ఒకటి ఇంట్లో వేసి చూసుకోండి. ఎంపీ4 ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు డిస్కులోకి కాపీ చేస్తే అది డేటా డిస్కు అవుతుంది, తాతగారి ప్లేయర్ దాన్ని తిప్పి తిప్పి ఎర్రర్ చూపిస్తుంది. రికార్డర్‌లో రాసిన డిస్కు పక్కింట్లో ఆడకపోతే పాడైందని పారేయకండి, ఫైనలైజ్ చేసి ఉండరు, అంటే వేరే ప్లేయర్లు చదివేలా రికార్డర్‌లో చివర్న డిస్కును ముగించే పని. దాని మీద గుండ్రటి స్టిక్కర్ అంటించకండి, మార్కర్ చాలు. పెన్‌డ్రైవ్ పెద్ద ఫైల్ తీసుకోకపోతే వైరస్ కాదు, ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు.

డిస్కు వచ్చిందని క్యాసెట్లు మాత్రం తూకానికి వేయకండి. వీహెచ్‌ఎస్ వెనక అంచున ఎడమ మూల చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అది విరిచేస్తే దాని మీద పొరపాటున ఇంకేదీ రికార్డ్ కాదు. నిలబెట్టి, తేమ తగలని చోట పెట్టండి. లోపల టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకుండా అలాగే తెచ్చివ్వండి.

హాలియా తమ్ముడికి పెద్దమ్మ సంగతి చెప్పలేదు. అతని చెల్లె పెళ్లిలోంచి తలంబ్రాల ముక్కొకటి తీసి, 1.8లో, 5.4లో రెండుసార్లు రాసి టీవీలో వేశాను. రెండోది అయిపోక ముందే "మూడింట్లనే చెయ్యన్నా" అన్నాడు. బరాత్ ఒక్కటే ఒక డిస్కుకు వచ్చింది.