పాతర వాసన

కిందటేడు జూన్‌లో అమ్మ కర్నూలు నుంచి న్యూజెర్సీకి వచ్చింది. వచ్చిన మూడో రోజు బియ్యం కోసం బేస్‌మెంట్ మెట్లు దిగుతూ సగంలోనే ఆగిపోయింది. "ఏందిరా ఇది, పాతర తీసినట్టు వాసనొస్తాంది?" అంది. ఏడేళ్లుగా అదే ఇంట్లో ఉంటున్న నాకు మాత్రం ఏ వాసనా తెలియలేదు.

పాతర అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. మా వైపు ఒకప్పుడు జొన్నలు నేలలోనే దాచేవాళ్లు. నీళ్లు నిలవని మిట్ట చోటు చూసి, లోతుగా గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి పైన మట్టితో మూసేసేవాళ్లు. నెలల తర్వాత తెరిస్తే ఘాటుగా ముక్కిన వాసన కొట్టేది. లోపలి గాలి చెడిపోయి ఉంటుందని తెరిచిన వెంటనే ఎవరూ దిగేవాళ్లు కాదు. మన ఇళ్లకి బేస్‌మెంట్లు లేవు కానీ, భూమి లోపల మూసిపెట్టిన చోటు ఎలా వాసన వేస్తుందో అమ్మకి తెలుసు.

నా ముక్కుకి ఎందుకు అందలేదంటే, ఏ వాసనైనా ఆగకుండా వస్తుంటే కాసేపటికి మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే మన ఇంటి వాసన మనకి తెలియదు, వచ్చిన చుట్టాలకి తెలుస్తుంది. వాళ్లు మర్యాదకి పైకి చెప్పరు. అమ్మకి నా దగ్గర మర్యాదేముంది?

ఆ వాసనలో ప్రధానమైనవి రెండు. మట్టి వాసనకి కారణం జియోస్మిన్ అనే పదార్థం. దానికి ఆ పేరు పెట్టింది 1965లో, మా న్యూజెర్సీలోనే ఉన్న రట్గర్స్ విశ్వవిద్యాలయంలో, నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లెషెవాలియే అనే శాస్త్రవేత్తలు. నీళ్లలో ట్రిలియన్ వంతుల్లో కొన్ని వంతులున్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. తొలకరి చినుకులకి నేల నుంచి లేచే కమ్మటి వాసనలో ఉన్నదీ ఇదే. పొలం గట్టు మీద హాయిగా ఉండేది మెట్ల కింద వస్తే చిరాకు.

జియోస్మిన్‌ని ఎక్కువగా తయారుచేసేవి స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియాలు. క్షయకి మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో రట్గర్స్‌లోనే ఈ జాతి నుంచి వచ్చింది. మా రాష్ట్రం సరిహద్దు దాటగానే న్యూయార్క్ వైపు పెర్ల్ రివర్ అనే ఊరుంది. అక్కడి లెడర్లీ ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఈ జాతి నుంచే. ఈ సంగతి అమ్మకి చెబితే "అయితే ఈ వాసన పీలిస్తే జబ్బులు పోతాయా?" అని అడిగింది. పోవు.

ఇంకో విశేషం. జియోస్మిన్ వాసన పట్టుకుని స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిట్టి పురుగులు వస్తాయి. స్ట్రెప్టోమైసిస్‌ని తిని, వాటి బీజాలను ఒంటికి అంటించుకుని మరో చోటికి మోస్తాయని 2020లో ఒక పరిశోధన చూపింది. అంటే అది మన కోసం వేసే వాసన కాదు, వాటిని పిలిచే వాసన. చెమ్మ బేస్‌మెంట్ మూలల్లో ఆవగింజలా ఎగిరే పురుగులు కనిపిస్తే అవి ఇవే కావచ్చు.

రెండోది పుట్టగొడుగుల వాసన. ఇది బూజు పని. బూజు పెరుగుతూ ఆవిరయ్యే రసాయనాలను వదులుతుంది. వాటిలో ఆక్టెనాల్ అనేది అచ్చం పుట్టగొడుగు వాసన వేస్తుంది. ఇక్కడ మన భాషతో చిన్న చిక్కుంది. సాలెగూడునీ బూజే అంటాం, ఊరగాయ మీద తేలేదాన్నీ బూజే అంటాం. మొదటిదాన్ని చీపురుతో దులపాలి. రెండోదాన్ని పొడిగా దులిపితే లక్షల బీజాలు గాల్లోకి లేస్తాయి. నేను చేసిన మొదటి తప్పు అదే, పండగ ముందు దులిపినట్టు దులిపేశాను.

రెండో తప్పు ఇంకా పెద్దది. "కిటికీలన్నీ తెరువు, గాలాడితే అదే పోతుంది" అంది అమ్మ. కర్నూలు ఎండల్లో అది నూటికి నూరుపాళ్లూ నిజం. బేస్‌మెంట్ కిటికీలు తెరిచి, ఫ్యాన్ పెట్టాను. మర్నాటికి చన్నీళ్ల పైపు చుక్కలు కారుస్తోంది, గోడ అడుగున చెయ్యి పెడితే తడి. వాసన రెట్టింపైంది.

లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. 30 డిగ్రీల వేడి గాలి ఘనమీటరుకి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. ఆ రోజు బయట తేమ 65 శాతం, అంటే దాదాపు 20 గ్రాములు ఉన్నట్టు. నేలలో కూరుకున్న గోడ అడుగున 18 డిగ్రీలే ఉందనుకోండి. 18 డిగ్రీల గాలికి 15 గ్రాములకి మించి మోసే శక్తి లేదు. మిగిలిన 5 గ్రాములూ గోడ మీద నీళ్లై దిగుతాయి. మంచినీళ్లు పోసిన చల్లటి స్టీలు గ్లాసు చెమర్చినట్టే. పైగా బూజుకి నీళ్లు కారేదాకా అక్కర్లేదు, గోడని అంటుకుని ఉన్న గాలిలో తేమ రోజుల తరబడి 80 శాతం దాటి ఉంటే చాలు. జులైలో కిటికీ తెరిచి నేను గాలిని కాదు, నీళ్లనే లోపలికి పిలిచాను.

అసలు ఈ గదులు ఎందుకు కడతారని అమ్మ అడిగింది. ఇక్కడ చలికాలం నేల పైపొర గడ్డకట్టి ఉబ్బుతుంది, పునాదిని దాని కిందికి దించాలి. న్యూజెర్సీలో అది సుమారు 3 అడుగులు. ఎలాగూ తవ్వాలి కదా అని ఇంకొంచెం తవ్వి గది చేసేస్తారు. మా పెద్దలు పాతరకి మిట్ట నేల వెతికేవాళ్లు. ఇక్కడ స్థలం ఎక్కడ దొరికితే అక్కడే.

వాసన మీద అగరొత్తులు, సాంబ్రాణి, స్ప్రేలు వేయడం దండగ. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. దీనికో చవక పరీక్ష ఉంది. గోడ మీద తడి తుడిచి, అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్‌ని నాలుగు అంచులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయాలి. ఫాయిల్ పైన చెమ్మ పడితే అది గదిలోని గాలి నుంచి వచ్చింది. ఫాయిల్ వెనక తడి ఉంటే గోడలోంచి ఊరుతోంది. మాకు మూడు గోడల మీద ఫాయిల్ పైనే పడింది, నాలుగో గోడకి రెండు వైపులా. ఆ గోడ మీద తెల్లటి పొడి కూడా ఉంది. బూజు అనుకుని భయపడ్డాను. నీటి చుక్క వేస్తే కరిగిపోయింది. సిమెంట్‌లోంచి నీళ్లు మోసుకొచ్చిన ఉప్పు అది, బూజైతే కరగదు.

బయటికెళ్లి చూస్తే సరిగ్గా ఆ గోడ పక్కనే కప్పు నీళ్లు దించే పైపు పడిపోయి ఉంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన కురిస్తే సుమారు 2,360 లీటర్లు. అందులో సగం ఆ మూల పునాదిలోకే దిగుతోంది. పైపు అతికించి, ఆరడుగుల దూరం దాకా పొడిగించి, మట్టి గోడ వైపు కాకుండా అవతలికి వాలేలా పోశాం. మొత్తం ఖర్చు వంద డాలర్లు కాలేదు. అంతకు ముందు వారం వచ్చిన ఒక కంపెనీవాళ్లు గోడ మీది మచ్చ చూసి "బ్లాక్ మోల్డ్", అంటే నల్ల బూజు అని, వేలల్లో అంచనా రాసిచ్చి మాకు నిద్ర లేకుండా చేశారు.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. 1990ల్లో క్లీవ్‌లాండ్‌లో కొందరు పసిపిల్లలకి ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. దానికి స్టాకీబోట్రిస్ అనే నల్ల బూజు కారణమని మొదట అనుమానించారు. 2000లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థే ఆ సంబంధం రుజువు కాలేదని చెప్పింది. భయం మాత్రం నిలిచిపోయింది. రంగు చూసి బూజు జాతి చెప్పలేం, నల్లగా ఉండేవన్నీ స్టాకీబోట్రిస్ కాదు. అలాగని తీసిపారేయడమూ కుదరదు. చెమ్మ ఇళ్లకీ, దగ్గు, పిల్లికూతలు రావడానికీ, ఉబ్బసం ఉన్నవాళ్లకి అది ఎక్కువవడానికీ సంబంధం ఉందనడానికి తగిన ఆధారాలున్నాయని 2004లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక తేల్చింది. పైన పడుకున్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది. చలికాలంలో వేడి గాలి ఇంటి పైభాగం నుంచి బయటికి పోతుంటే, ఆ ఖాళీని నింపడానికి కింది గాలి పైకి లాగబడుతుంది. బేస్‌మెంట్ గాలిలో కొంత పడకగదికి చేరుతుంది.

శుభ్రం చేయడంలో బ్లీచ్ మీద అందరికీ నమ్మకమెక్కువ. టైల్ మీద పనికొస్తుంది. కానీ డ్రైవాల్ అనే జిప్సం పలకల గోడకి పైపొర కాగితం, అంటే బూజుకి అన్నం. పైన మచ్చ తెల్లబడినా లోపలి వేళ్లు ఉండిపోతాయి, చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెస్తుంది. బ్లీచ్ అమ్మోనియాతో గానీ వెనిగర్‌తో గానీ కలిస్తే విషవాయువు. పది చదరపు అడుగుల లోపు మచ్చయితే మనమే చేసుకోవచ్చని ఇక్కడి పర్యావరణ సంస్థ చెబుతుంది. మాస్క్, గ్లౌజులు వేసుకుని, తడిసిన డ్రైవాల్ అడుగు ముక్క కోసి సంచిలో కట్టి పారేశాను. కార్పెట్‌ని కాపాడాలని చాలా చూశాను కానీ కుదర్లేదు.

ఆ తర్వాత కిటికీలు మూసి, గాలిలో తేమని లాగేసే డీహ్యూమిడిఫైయర్ పెట్టాం. లోపల ఫ్రిజ్ లాంటి చల్లటి గొట్టపు చుట్ట ఉంటుంది, గోడ మీద పడాల్సిన నీళ్లు దాని మీద పడతాయి. మొదటి వారం రోజుకి రెండుసార్లు ట్యాంకు నిండింది. తేమ మీటరు 78 శాతం నుంచి పది రోజుల్లో 50కి దిగింది. బియ్యం బస్తాని అమ్మ అప్పటికే చెక్కల మీదికి ఎక్కించి, గోడకి జానెడు దూరం జరిపింది. మా మిద్దెలో బస్తాలన్నీ అలాగే ఉండేవి.

ఇక మిగిలింది సూట్‌కేసులో ఉన్న పట్టుచీరలు. గది వాసన పోయినా వాటిది పోలేదు. ఎండలో వేస్తే రంగు పోతుందని అమ్మ వాటిని వెనక డెక్ మీద నీడలో దండేనికి వేసింది, అదీ తేమ తక్కువున్న సెప్టెంబరు మధ్యాహ్నాల్లో. మూడో రోజు ఒక్కో చీర ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, రెండు పక్కన పెట్టింది. "ఇవి ఇంకో రోజు" అంది.