మాల్టాలో ప్రైవేటు బోటు, స్నార్కెలింగ్: అపోహలు - వాస్తవాలు

మాల్టా వచ్చే తెలుగు కుటుంబాలు బోటు కోసం మాకు పంపే మెసేజులు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. బ్లూ లగూన్, క్రిస్టల్ లగూన్, శాంటా మరియా గుహలు (ఈ మూడూ కొమినో అనే చిన్న దీవి దగ్గరే), గోజో దీవి చుట్టూ ఒక రౌండు, వీలైతే అజూర్ విండో అనే రాతి తోరణం. పొద్దున పదింటికి ఎక్కి సాయంత్రం ఆరింటికి దిగేలోపు అన్నీ కవరవ్వాలి. ఎంతమంది, ఎంత డబ్బు, లంచ్ ఉందా అని అన్నీ అడుగుతారు. ఆ రోజు గాలి ఎటునుంచి అని మాత్రం ఎవరూ అడగరు. మీ రోజు బాగుంటుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

అపోహ: డబ్బు కట్టింది మనమే కాబట్టి మనం ఇచ్చిన లిస్టు ప్రకారమే బోటు తిరగాలి.

నిజానికి పెద్ద ఫెర్రీ కాదని ప్రైవేటు బోటు తీసుకోవడంలో అసలు లాభమే లిస్టు మార్చుకోగలగడం. ఇక్కడ ఎక్కువ రోజులు వీచేది వాయవ్య గాలి, స్థానికులు మయ్యిస్ట్రాల్ అంటారు. అది గట్టిగా ఉన్న రోజు గోజో ఆగ్నేయ తీరంలో హోండొ, ఇమ్జార్ ఇష్-షీని లాంటి చిన్న కోవల్లో నీళ్లు చెరువులా ఉంటాయి. అదే సమయంలో పడమటి ఒడ్డున ద్వెయ్రా దగ్గర అలలు రాతిగోడకి కొట్టుకుంటుంటాయి. గాలి దక్షిణం వైపు తిరిగితే లెక్క తారుమారు. అప్పుడు కొమినో ఉత్తరాన శాంటా మరియా బే, గోజోలో రమ్లా వైపు బాగుంటాయి. ఈశాన్యం నుంచి వచ్చే గ్రిగాల్‌తో జాగ్రత్త. బైబిల్లో అపొస్తలుల కార్యముల్లో పౌలు ఓడని మెలితే దాకా తోసుకొచ్చిన 'ఊరకులోను' అనే పెనుగాలి ఇదేనని చాలామంది అంటారు. మెలితే అంటే ఈ మాల్టానే.

కాబట్టి బుక్ చేసేటప్పుడు ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి. గాలి మారితే దారి మార్చే నిర్ణయం ఎవరిది? బోటు నడిపే స్కిప్పర్ వద్దంటే డబ్బు వాపసా, తేదీ మార్పా? "వాతావరణం ఎలా ఉన్నా వెళ్తాం" అని చెప్పే బోటు ఎక్కకండి.

అపోహ: ఎండ కాస్తోంది, ఆకాశంలో మబ్బు లేదు, కాబట్టి సముద్రం ప్రశాంతంగా ఉంటుంది.

మయ్యిస్ట్రాల్ వీచేదే ఎక్కువగా నిర్మలమైన ఆకాశం కింద. ఆకాశం చూసి ఏమీ తెలియదు, గాలి వేగం ఎన్ని నాట్లో చూడాలి (ఒక నాటు అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు). ఆరేడు మీటర్ల బోటుకి 10 నాట్ల లోపు గాలి హాయి. 11 నుంచి 16 నాట్లు, అంటే గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలు మీద 4, గాలి తగలని వైపు ఉన్నంతవరకు ఫర్వాలేదు. 17 దాటితే పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ రోజు మానుకోవడమే మేలు.

గాలి ఆగిన మర్నాడు కూడా అలలు మిగిలే ఉండొచ్చు. ఇక్కడి అలల తీరు కూడా వేరు. వైజాగ్‌లో దూరం నుంచి వచ్చే అల పొడుగ్గా లేచి దిగుతుంది. మెడిటరేనియన్‌లో గాలి లేపిన అలలు నాలుగైదు సెకన్లకొకటి, నిటారుగా వస్తాయి. మీటరు ఎత్తు అలే అయినా చిన్న బోటులో నడుం పట్టేస్తుంది. అందుకే ఫోర్‌కాస్టులో అల ఎత్తుతో పాటు అలకీ అలకీ మధ్య వ్యవధి కూడా చూడండి. బోటు పరిగెడుతున్నప్పుడు వెన్నునొప్పి ఉన్నవాళ్లు వెనక భాగంలో కూర్చోవాలి. ఫొటోలకి బాగుంటుందని బోటు ముక్కు మీద కూర్చుంటే ప్రతి దెబ్బా వెన్నుకే తగులుతుంది.

అపోహ: అజూర్ విండో చూపిస్తారు.

2017 మార్చి 8న తుఫానులో అది పూర్తిగా కూలిపోయింది. దాని ఫొటో ఇంకా ప్రకటనలో పెట్టుకున్నవాళ్లు మిగతా వివరాలు కూడా అంత పాతవే ఇస్తారని అనుకోండి. పక్కనే ఉన్న బ్లూ హోల్ అనే లోతైన నీటి గుంట, ఇన్‌లాండ్ సీ అనే మడుగు బాగానే ఉన్నాయి. దక్షిణాన కనిపించే ఫిల్ఫ్లా దీవి రక్షిత ప్రాంతం, దాని మీద కాలు పెట్టనివ్వరు.

అపోహ: ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకుంటే స్నార్కెలింగ్ చేసేయొచ్చు.

ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే. బోటులో సీటు కింద ఉండే లైఫ్ జాకెట్ల మీద 100 లేదా 150 న్యూటన్లు అని రాసి ఉంటుంది, అది తేల్చే బలం. స్పృహ తప్పిన మనిషిని కూడా వెల్లకిలా తిప్పి, ముఖం నీటి పైన ఉంచడానికే వాటిని తయారుచేస్తారు. స్నార్కెలింగ్ అంటే మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కింద చూడటం, దానికి మనం బోర్లా పడుకోవాలి. ఇక జాకెట్‌కీ మీకూ కుస్తీ మొదలవుతుంది: అది ఇటు తిప్పుతుంది, మీరు అటు తిరుగుతారు, మెడ పట్టేస్తుంది, గొట్టంలో నీళ్లు పడతాయి, కంగారు పుడుతుంది. స్నార్కెలింగ్‌కి కావాల్సింది నోటితో గాలి ఊది నింపే స్నార్కెల్ వెస్టు, లేదా 50 న్యూటన్ల తేలియాడే జాకెట్టు. ఈ 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్ల కోసం చేసిందని మర్చిపోకండి. ఈత అస్సలు రానివాళ్లకి గైడ్ పక్కనే నీళ్లలో ఉండాలి, పట్టుకోవడానికి రింగు ఉండాలి, కాళ్లు ఆనే లోతు ఉండాలి. స్కిప్పర్ ఒక్కడే వచ్చే బోటులో ఆయన బోటు వదిలి నీళ్లలోకి దూకలేడు. అందుకని ఈత రానివాళ్లు ఎంతమందో ముందే చెప్పి, రెండో మనిషిని అడగండి.

మొదటిసారి అయితే నిచ్చెన పట్టుకునే మొదలుపెట్టండి. మాస్కు పెట్టుకుని, గొట్టం నోట్లో బిగించి, ముఖం నీళ్లలో ఉంచి నెమ్మదిగా ఇరవై శ్వాసలు. తర్వాత కావాలనే గొట్టంలోకి కాస్త నీళ్లు రానిచ్చి, 'తూ' అని ఒక్క ఊపున బలంగా ఊది ఖాళీ చేయండి. ఇది మూడుసార్లు సరిగా వచ్చాకే నిచ్చెన వదలాలి. ముఖమంతా కప్పే మాస్కులు మేం వద్దంటాం. నీళ్లు చొరబడితే ఊది బయటికి పంపలేం, చాలావాటిలో ముక్కు మూసుకుని చెవులు సర్దుకోవడమూ కుదరదు, కంగారులో తీయడం కష్టం. అమ్మానాన్నలకి గుండె జబ్బు గానీ అదుపులో లేని బీపీ గానీ ఉంటే బయల్దేరకముందే డాక్టర్ని అడగాలి. నీళ్లలో ఉండగా ఎవరికైనా ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే వెల్లకిలా తిరిగి చెయ్యి ఊపాలి.

సైగల సంగతి. మనవాళ్లు బొటనవేలు పైకి చూపిస్తే 'బాగుంది' అని. డైవింగ్ తెలిసినవాళ్లకి అది 'పైకి వెళ్దాం' అని. బోటుకి దూరంగా ఉన్నప్పుడు ఒక చేత్తో తల పైభాగాన్ని ముట్టుకుంటే క్షేమం, చెయ్యి అటూ ఇటూ ఊపితే సాయం కావాలి. అందుకే ఊరికే టాటా చెప్పకండి. తిరిగి ఎక్కేటప్పుడు ఇంజిన్ పూర్తిగా ఆగి, స్కిప్పర్ పిలిచాకే నిచ్చెన దగ్గరికి రావాలి. న్యూట్రల్‌లో ఉన్నా ప్రొపెల్లర్ కొన్నిసార్లు మెల్లగా తిరుగుతూనే ఉంటుంది.

నీళ్లలో దిగే బట్టల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చున్నీతో గానీ చీరతో గానీ దిగనివ్వం. అది కాళ్లకి, నిచ్చెనకి చుట్టుకుంటుంది. కాటన్ టీషర్టు నీళ్లు పీల్చి బరువెక్కి చలి పుట్టిస్తుంది. ఒళ్లంతా కప్పుకోవాలంటే ఫుల్ స్లీవ్స్ లైక్రా టాపు, లెగ్గింగ్స్ మంచివి. వీపు మాడకుండా కూడా అవే కాపాడతాయి.

అపోహ: మాస్కులో నీళ్లు వస్తున్నాయంటే పట్టీ ఇంకా బిగించాలి.

బిగించిన కొద్దీ సిలికాన్ అంచు ముడత పడి ఇంకా కారుతుంది. పట్టీ వెయ్యకుండా మాస్కుని ముఖానికి ఆనించి ముక్కుతో కొద్దిగా గాలి పీల్చండి, చెయ్యి వదిలినా నిలబడితే అది మీ సైజు. పట్టీ మెడ మీద కాదు, తల వెనక ఎత్తుగా ఉండాలి. ఇన్ని చేసినా కారుతోందంటే మనవాళ్ల విషయంలో కారణం ఒకటే: మీసం. మొత్తం తీసేయక్కర్లేదు. ముక్కు కింద అంచు ఆనే చోట అర సెంటీమీటరు మేర గీసుకుంటే చాలు. వాజిలిన్ రాసే చిట్కా పనిచేసినట్టే ఉంటుంది గానీ సిలికాన్‌ని పాడుచేస్తుంది. అద్దె మాస్కుకి రాస్తే ఇచ్చినవాళ్లు ఊరుకోరు.

కొత్త మాస్కు అద్దం లోపల తయారీలో పట్టిన సన్నటి పొర ఉంటుంది. అది పోయేదాకా ఎంత ఉమ్ము రాసినా మసక తగ్గదు. తెల్ల టూత్‌పేస్టుతో లోపలివైపు వేలితో రెండు మూడుసార్లు రుద్ది కడగండి. ఆ తర్వాత ప్రతిసారీ ఒక చుక్క బేబీ షాంపూ రాసి కడిగితే సరిపోతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకి పవర్ అద్దాల మాస్కులు అర పవర్ తేడాలతో దొరుకుతాయి. కాంటాక్ట్ లెన్సులతో నీళ్లలో దిగకపోవడమే మంచిది.

అపోహ: నీళ్లు ఇంత తేటగా ఉన్నాయంటే అండమాన్‌లో లాగా పగడాలు, రంగురంగుల చేపలు బోలెడు ఉంటాయి.

ఇక్కడ నీళ్లు తేటగా ఉండేదే పోషకాలు, నాచు తక్కువ కాబట్టి. చేపలూ తక్కువే. ఉష్ణమండలపు పగడపు దిబ్బలు లేవు. ఉన్న అందం వేరు: సున్నపురాయి గుహల్లో రాతి నీడలు, నీళ్లలో ఏటవాలుగా దిగే వెలుగు, రాళ్ల మీద ఆర్నేట్ రాస్, ఎర్రటి చిలుక చేప, గుంపులుగా మేసే సలేమా చేపలు, ఓపికగా చూస్తే రాతి సందులో ఆక్టోపస్. అందుకని ఇసుక మధ్యలో తేలుతూ ఉండకుండా రాతి అంచు వెంబడి నెమ్మదిగా వెళ్లండి.

అడుగున నల్లగా కనిపించేది మురికి కాదు, పొసిడోనియా. నాచు కూడా కాదు, పూలు పూసే మొక్క. ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే పాకుతుంది. ఒక్క లంగరు లాగిన చారిక మానడానికి ఏళ్లు పడుతుంది. దాని మీద లంగరు సరిగా పట్టదు కూడా. అందుకే మంచి స్కిప్పర్ తెల్లటి ఇసుక జాగా కోసం వెతికి, ఐదు మీటర్ల లోతుకి పదిహేను నుంచి పాతిక మీటర్ల గొలుసు వదులుతాడు. "ఇక్కడే ఆపండి" అన్నా వినకపోతే పొగరనుకోకండి.

అపోహ: జెల్లీఫిష్ కుడితే మూత్రం పోయాలి.

వద్దు. మంచినీళ్లూ వద్దు, రుద్దడం అసలు వద్దు. ఇక్కడ బాధపెట్టేది గులాబీ ఊదా రంగులో ఉండే చిన్న పెలాజియా. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న తంతువుల్ని పట్టకారుతో తీసి, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. ఆయాసం, ముఖం వాపు కనబడితే 112కి ఫోన్ చేయాలి. వేసవి చివర్లో కనిపించే, గుడ్డు ఆమ్లెట్‌లా పసుపు మధ్యతో ఉన్న పెద్ద జెల్లీఫిష్ మాత్రం దాదాపు ఏమీ చెయ్యదు. రాళ్ల మీద ఎర్రగా, తెల్లటి నూగుతో పాకే ఫైర్‌వర్మ్‌ని ముట్టుకోవద్దు. నూగు చర్మంలో దిగితే సెలోటేపు అంటించి పీకాలి. సొరచేపల గురించి అడుగుతారు. స్నార్కెలింగ్‌లో వాటి బెడద లేదు, దాటుతున్న బోట్లే అసలు ప్రమాదం. బోటువాళ్లకి కనబడేలా నీటి మీద తేలే నారింజ రంగు బుడగ ఒకటి వెంట ఉంచుకోండి.

అపోహ: మెడిటరేనియన్ వెచ్చటి సముద్రం.

ఆగస్టులో 26, 27 డిగ్రీలు. జూన్ మొదట్లో 21, 22. ఫిబ్రవరి, మార్చిలో 15, 16. మన తీరంలో నీళ్లకి అలవాటుపడ్డ ఒంటికి జూన్ నీళ్లు పావుగంటలో వణుకు పుట్టిస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల పొట్టి వెట్‌సూట్ అడగండి. సెప్టెంబరు నెల అన్నిటికంటే మంచిది.

అపోహ: వాంతి రాకుండా ఖాళీ కడుపుతో రావాలి.

ఖాళీ కడుపుకే ఎక్కువ తిప్పుతుంది. పూరీ, బజ్జీ లాంటి నూనె సరుకు మాని, బయల్దేరడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలో టోస్టో తినండి. అవోమిన్ లాంటి మాత్ర తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దండగ, ముందే వేసుకోవాలి. అది నిద్రమత్తు తెస్తుంది కాబట్టి వేసుకున్నవాళ్లు నీళ్లలో ఒంటరిగా దిగకూడదు. పులిహోర తెచ్చుకుంటామంటే సంతోషమే, ఎండకి తట్టుకుంటుంది. కానీ తెల్లటి సీట్ల మీద పసుపు మరక పడితే వదలదు, క్లీనింగ్ చార్జీ వేస్తారు. డెక్ మీద దుప్పటి పరుచుకోండి.

అపోహ: బ్లూ లగూన్‌కి మన బోటు నేరుగా వెళ్లి ఆగుతుంది.

ఈతగాళ్ల కోసం బుడగలు కట్టిన గీత లోపలికి ఏ బోటూ రాకూడదు. బయట ఆపి ఈదుకుంటూ వెళ్లాలి. ఒడ్డున దిగాలంటే 2025 మే నుంచి ముందుగా ఆన్‌లైన్‌లో ఉచిత స్లాటు బుక్ చేసుకుని క్యూఆర్ కోడ్ చూపించాలి. పదకొండు నుంచి నాలుగు దాకా పెద్ద బోట్లన్నీ అక్కడే. ఎనిమిదిన్నరకి చేరుకోండి, లేదా అటువైపు రోజు చివర్లో వెళ్లండి.

అపోహ: అద్దెలో అన్నీ వచ్చేస్తాయి.

పెట్రోలు చాలాచోట్ల వేరు. 150 హార్స్‌పవర్ ఇంజిన్ 20 నాట్లకి దగ్గర్లో పరిగెడితే గంటకి పాతిక ముప్పై లీటర్లు, పూర్తి వేగంలో యాభైకి దగ్గరగా, మెల్లగా కదిలితే రెండు మూడు లీటర్లే తాగుతుంది. స్లీమా నుంచి కొమినో సుమారు 20 కిలోమీటర్లు, గోజో చుట్టూ దాదాపు 40. రానూపోనూ కలిపి రెండు గంటలకి పైగా పరుగు, అరవై లీటర్ల ఖర్చు, నీళ్లలో గడిపే టైము అంత తక్కువ. అదే మెల్లీహా లేదా చిర్కెవ్వా దగ్గర ఎక్కి కొమినో చుట్టుపక్కలే తిరిగితే పదిహేను, ఇరవై లీటర్లతో అయిపోతుంది. బయల్దేరే ముందు ట్యాంకు గేజిని, మీటరులో ఇంజిన్ గంటల్ని ఫొటో తీసుకోండి. తిరిగొచ్చాక డబ్బు కట్టేముందు మరోసారి తీయండి.