నోట్‌బుక్ ఖాళీగా ఉంటే పాఠం జరగనట్టేనా? చేతిపని, వంట, ఆరుబయట పాఠాలపై అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఇవాళ క్లాసులో ఏమీ చెప్పలేదా? నోట్‌బుక్‌లో ఒక్క లైను కూడా లేదు."

వంట గంట ఉన్న రోజు సాయంత్రం గేటు దగ్గర ఈ ప్రశ్న వినిపించకుండా ఉండదు. అడిగేవాళ్లకి కోపం కాదు, భయం. వేరే స్కూల్లో చదివే పిల్లలు భాగహారాల దాకా వెళ్లిపోయారని ఎవరో చెప్పి ఉంటారు. మనవాడు ఎక్కడ ఆగిపోయాడో అన్న టెన్షన్. ఆ టెన్షన్ నాకు పూర్తిగా అర్థమవుతుంది. కానీ అదే మాట వాట్సాప్ గ్రూపులో పడి "అక్కడ ఆటలూ వంటలే, చదువు లేదట" అని నాలుగు చేతులు మారి తిరిగొచ్చినప్పుడు మాత్రం ఓపిక పట్టడం కష్టం. దానివల్ల నష్టపోయేది పిల్లలు కాబట్టి.

మాది చిన్న ప్రైమరీ స్కూలు. వంట, చేతిపని, తోట, బయట పాఠాలు టైమ్‌టేబుల్‌లోనే ఉంటాయి. వాటి గురించి నేను తరచూ వినే మాటలు ఇవి. అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేదాన్ని ముందు పెడుతున్నాను.

అపోహ: చదువులో వెనకబడిన పిల్లల్ని ఈ క్లాసుల్లోంచి తప్పించి, ఆ గంటలో లెక్కలు, చదవడం చేయించాలి

వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. పిల్లవాడికి చదవడం రావట్లేదు, మరి పిండి కలుపుతూ కూర్చోవడం ఎందుకు? ఆ గంటలో ఇంకో పేజీ చదివించొచ్చు కదా? తల్లిదండ్రులే కాదు, కొందరు టీచర్లూ ఇలాగే అనుకుంటారు. మంచి ఉద్దేశంతోనే అనుకుంటారు.

కానీ జరిగేది చూడండి. పొద్దుట్నుంచి అక్షరాల దగ్గర తడబడి తడబడి అలిసిపోయిన పిల్లవాడు, తనకు చేతనైన ఒకే ఒక్క గంట కోసం ఎదురుచూస్తుంటాడు. ఆ గంటలో వాణ్ణి లేపి, పక్క గదిలో కూర్చోబెట్టి, మళ్లీ అదే పుస్తకం ముందు పెడతాం. కిటికీలోంచి తోటి పిల్లల నవ్వులు వినిపిస్తూనే ఉంటాయి. చదవడం అంటే శిక్ష అని వాడికి ఇంతకన్నా గట్టిగా ఎవరూ నేర్పలేరు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ గంటలో చదువు లేదని ఎవరన్నారు? మా దగ్గర మూడో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. వాచకం తెరిస్తే గొంతు పెగిలేది కాదు. ఒత్తు కనిపిస్తే చాలు, ఆగిపోయేవాడు. వంట బల్ల దగ్గర మేం చేయాల్సిన పనిని పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి పెడతాం. ఒక్కో జట్టులో ఒకరు చదవాలి, మిగతావాళ్లు చేయాలి. వాడి వంతు వచ్చింది. ఉప్పు, ముద్ద, గిన్నె, చక్కెర, నెయ్యి. చూడండి, వంటింటి మాటల్లో ఎన్ని ఒత్తులో! పుస్తకంలో అయితే వదిలేసేవాడే. ఇక్కడ వదిలేస్తే పని ఆగిపోతుంది, జట్టంతా చేతులకు పిండితో వాడి మొహమే చూస్తోంది. కూడబలుక్కుని చదివాడు. ఎవరూ నవ్వలేదు, వాళ్లకి కావలసింది తర్వాత ఏం వేయాలన్నదే. ఆ తర్వాతి వారం చార్టు చదివే పని తనకే కావాలని అడిగాడు. వాడు ఒక్కసారిగా గడగడా చదివేశాడని చెప్పను. చదవడానికి ఒక కారణం దొరికింది. అది లేకుండా ఎన్ని పేజీలు చదివించినా లాభం లేదు.

లెక్కల సంగతికి వస్తే భిన్నాలు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడగండి. చాలామంది పిల్లలు నాలుగో వంతే అంటారు. మూడు కన్నా నాలుగు పెద్దది కదా మరి! బోర్డు మీద వృత్తం గీసి ముక్కలు చేసి చూపిస్తే తలూపుతారు, మర్నాడు మళ్లీ అదే జవాబు. అదే కొలత కప్పులు చేతికిచ్చి, పెద్ద కప్పు నింపమని చెప్పండి. నాలుగో వంతు కప్పుతో నాలుగుసార్లు పోయాలి, మూడో వంతు కప్పుతో మూడుసార్లే. ఒక పాప పోస్తూ పోస్తూ ఆగి, "ఇది చిన్నది కాబట్టే ఎక్కువసార్లు పోయాల్సొస్తోంది" అంది. నేను నోరు విప్పలేదు. ఆ మాట తన నోటితో తానే చెప్పిన పిల్లకి ఇక హారం పెద్దదయ్యే కొద్దీ ముక్క చిన్నదవుతుందని బట్టీ పట్టించనక్కర్లేదు. ముప్పావు కప్పులో సగం ఎంత అన్న ప్రశ్న కూడా అదే బల్ల మీద తేలుతుంది.

సన్నటి పొడవాటి గ్లాసులో, వెడల్పాటి గిన్నెలో ఒకే కొలత నీళ్లు పోసి ఎందులో ఎక్కువున్నాయని అడిగితే, ఒకటో తరగతి పిల్లల్లో చాలామంది పొడవాటి గ్లాసే చూపిస్తారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ఈ విషయాన్ని ఎప్పుడో గమనించి రాశాడు. ఏడేళ్ల వయసు దగ్గర్లో ఆ ఆలోచన మారడం మొదలవుతుంది. ఈ మార్పు రాని పిల్లకి లీటర్లు, మిల్లీలీటర్ల పట్టిక ఇస్తే అది అంకెల వరసే. పోసి, ఒంపి, మళ్లీ పోసి చూసుకునే అవకాశం అందరికన్నా ఎక్కువ కావలసింది వెనకబడ్డారని మనం లేపి తీసుకెళ్తున్న పిల్లలకే.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం. మీ పాపకి అదనంగా చదివించాలంటే అడగండి, వేరే సమయం చూద్దాం. ఈ గంట మాత్రం తీయమనకండి. మీ పిల్లవాణ్ణి ఆ గంటలో వేరే గదికి పంపుతున్నారని తెలిస్తే ఊరుకోకండి, వెళ్లి మాట్లాడండి.

అపోహ: చేత్తో చేస్తే చాలు, చదువు దానంతటదే వచ్చేస్తుంది

ఇది అవతలి పక్క అతి. ఈ పద్ధతిని ఇష్టపడే మాలాంటివాళ్లే దీన్ని ఎక్కువ నమ్ముతారు. చేతులు కదిలినంత మాత్రాన బుర్ర కదలదు. అందరూ కలిసి పిండి కలిపి, తిని, ఫొటో దిగి ఇంటికెళ్తే అది పిక్నిక్. పిక్నిక్ కూడా మంచిదే, కానీ దాన్ని పాఠం అనకూడదు.

తేడా ఎక్కడ వస్తుందంటే, పనికి ముందు ఊహ, పని మధ్యలో కొలత, పని అయ్యాక మాట. ఈస్ట్ పాఠం తీసుకుందాం, బ్రెడ్ పిండిని పొంగించడానికి వేసేది. మూడు సీసాల్లో కొంచెం చక్కెర, ఈస్ట్ వేసి ఒకదాంట్లో చల్లటి నీళ్లు, ఇంకోదాంట్లో గోరువెచ్చటివి, మూడోదాంట్లో బాగా మరిగినవి టీచరే పోసి, మూతికి బెలూన్లు తొడుగుతాం. ఏ బెలూన్ ఎక్కువ ఉబ్బుతుందో ముందే రాయిస్తాం. చాలామంది మరిగిన నీళ్లవైపే. వేడి ఎక్కువైతే పని ఎక్కువ అవుతుందని వాళ్ల లెక్క. అరగంట, ముప్పావుగంట గడిచాక గోరువెచ్చటి సీసా బెలూన్ లేచి నిలబడుతుంది, మరిగిన నీళ్లది వేలాడుతూనే ఉంటుంది. "అదేంటి టీచర్!" అంటారు చూడండి, పాఠం మొదలయ్యేది అక్కడ. ఈస్ట్ బతికున్న జీవి, చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, 60 డిగ్రీలు దాటిన వేడిలో చచ్చిపోతుంది. ఈ మూడు ముక్కలూ ముందే చెప్పేసి ఉంటే ఎవరికి గుర్తుంటాయి?

ఆ రోజు నోట్‌బుక్ ఖాళీగానే ఉంటుంది, చేతులు తడిగా ఉంటాయి కాబట్టి. మర్నాడు చూడండి. ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని వాళ్ల మాటల్లో రాసి ఉంటుంది. అది లేకపోతే అప్పుడు మమ్మల్ని నిలదీయండి, తప్పు మాదే.

అపోహ: కత్తి, పొయ్యి చూపిస్తే ప్రమాదం. మొద్దు కత్తి అయితే ఫర్వాలేదు

పిల్లల చేతిలో కత్తి అనగానే ఏ తల్లికైనా గుండె గుభేల్మంటుంది. అందులో వింతేం లేదు. కానీ మొద్దు కత్తి పదునైన కత్తి కన్నా నమ్మరానిది. తెగకపోతే పిల్లలు బలమంతా పెట్టి నొక్కుతారు, అప్పుడే జారుతుంది. అరటిపండు, ఉడికించిన దుంప లాంటి మెత్తటి వాటితో మొదలుపెట్టాలి. చిన్న కత్తి, కదలని పలక, పట్టుకునే తీరు ఇవే ముఖ్యం. బొటనవేలు, చూపుడువేలు వంతెనలా పెట్టి వాటి మధ్యలోంచి కోయడం ఒకటి. వేళ్ల కొసలు లోపలికి ముడిచి పట్టుకోవడం రెండోది. ఒక పెద్దవాళ్ల కళ్లెదుట అయిదారుగురికి మించి ఉండకూడదు. ఆ మనిషి లేని రోజు మేం కత్తులు బయటికే తీయం.

పొయ్యి దగ్గర చిన్న తరగతుల పిల్లలకి పనే లేదు. కొలవడం, కలపడం, తుంచడం, పిసకడం, వడకట్టడంలోనే వాళ్లకి కావలసినంత ఉంది. పిండి పిసికే వేళ్లకి వచ్చే బలం పెన్సిల్ పట్టుకోవడానికీ పనికొస్తుంది.

ఒకవేళ ఎక్కడైనా చెయ్యి కాలితే, ఇంట్లో అయినా సరే, పంపు కింద చల్లటి నీళ్లు 20 నిమిషాలు పట్టాలి. టూత్‌పేస్ట్, వెన్న, ఐస్ పెట్టొద్దు. బొబ్బలు లేచినా, కాలిన చోటు పిల్లల అరచేయి కన్నా పెద్దదైనా, మొహం మీదైనా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అపోహ: అలర్జీ అంటే సున్నితం, కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుంది

కాదు. దయచేసి ఈ ప్రయోగం ఎవరూ చేయకండి. వేరుశనగ, పాలు, గుడ్డు, గోధుమ, సోయా, నువ్వులు, జీడిపప్పు లాంటి గింజలు, చేపలు, రొయ్యలు, వీటిలో ఏది పడకపోయినా ఒక్కోసారి ఊపిరాడని స్థితి వస్తుంది. అలర్జీకి అలవాటు చేసే వైద్యం ఉంది, అది డాక్టర్ కనుసన్నల్లో మాత్రమే జరగాలి. స్కూలు ఇచ్చిన ఫారంలో రాయడానికి మొహమాటపడకండి. "అందరిలో నా బిడ్డని వేరుగా చూస్తారేమో" అని దాచిన తల్లి బాధ నాకు తెలుసు. మాకు ముందే తెలిస్తే క్లాసంతటికీ ఆ వస్తువు లేని వంటే పెడతాం, మీ బిడ్డ వేరుగా కూర్చోనక్కర్లేదు.

అపోహ: మా వాడు కూరగాయలు ముట్టడు, మీరు తినిపించేయండి

తినిపించం. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఒక్కోసారి పదిసార్లకు పైగా ఎదురుపడాలి. తాకడం, వాసన చూడడం, కోయడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. తాను నాటి, నీళ్లు పోసి, కోసుకొచ్చిన ఆకుని ఒక్క కొరుకు కొరికి చూస్తారు. ఉమ్మేసినా ఏమీ అనం. బలవంతం చేస్తే ఆ ఒక్క కొరుకు కూడా పోతుంది.

అపోహ: బయట తిరిగితే జలుబు, మట్టి ముట్టుకుంటే రోగం

జలుబు వైరస్ వల్ల వస్తుంది. తలుపులు మూసిన గదిలో ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ కూర్చుంటే అది ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. మట్టి పనయ్యాక సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకోవాలి, తినే ముందు మళ్లీ. ధనుర్వాతం టీకాలు వేళకి వేయించి ఉండాలి. నిజంగా భయపడాల్సింది మెరుపులకి. ఉరుము వినిపిస్తే వెంటనే లోపలికి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి అప్పుడే బయటికి. చెట్టు కింద నిలబడడం మా దగ్గర నిషేధం.

కళ్ల సంగతి మాత్రం ప్రతి తల్లికీ, తండ్రికీ తెలియాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 స్కూళ్ల ఒకటో తరగతి పిల్లలతో మూడేళ్ల అధ్యయనం జరిగింది. సగం స్కూళ్లలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మామూలు స్కూళ్లలో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వస్తే, బయట గడిపినవాళ్లలో అది 30.4 శాతం. వెలుతురుని లక్స్‌లలో కొలిస్తే క్లాసు గదిలో అది కొన్ని వందలు ఉంటుంది, బయట పగటి వెలుగు వేలల్లో ఉంటుంది. ఎండ మాడ్చేసే వేళ కాకుండా పొద్దున్నే, నీడపట్టున కూర్చున్నా గదిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువే. ఆ 40 నిమిషాల్లో చెట్టు చుట్టుకొలత కొలవొచ్చు, నీడ ఎటు జరిగిందో సుద్దతో గీయొచ్చు, పద్యం చెప్పుకోవచ్చు. లోపల చేసే పనే కొంత బయట చేస్తాం, అంతే.

అపోహ: బొమ్మ అందంగా వస్తేనే నేర్చుకున్నట్టు

గోడ మీద ముప్పై బొమ్మలు అచ్చం ఒకేలా ఉంటే, అవి పిల్లలు వేసినవి కావు, టీచర్ దిద్దినవి. ప్రదర్శన కోసం పిల్లల బొమ్మని పెద్దవాళ్లు దిద్దడం నాకు అస్సలు నచ్చదు. తన గీత చాలదని ఆ పిల్లకి అర్థమైపోతుంది. వంకరగా వచ్చిన బొమ్మే ఇంటికి పంపుతాం. "ఇదేంటి?" అని కాకుండా "ఎలా చేశావో చెప్పు" అని అడగండి, చాలాసేపు చెబుతారు.

అపోహ: ఇదంతా ఈమధ్య వచ్చిన ఫ్యాషన్

జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ చిన్నపిల్లల బడి మొదలుపెట్టింది 1837లో. చికాగోలో అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ బడి 1896లో మొదలైంది, అక్కడ వంట, కుట్టుపని, వడ్రంగం చదువులో భాగం. గాంధీజీ వార్ధాలో చేతిపని కేంద్రంగా చదువుండాలని ప్రతిపాదించింది 1937లో. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

ఇక మగపిల్లలకి వంటెందుకు అనేవాళ్లకి ఒకటే జవాబు: ఆకలి అందరికీ వేస్తుంది.

చివరగా బట్టల సంగతి. మరకలు పడతాయి, కొన్ని పోవు కూడా. యూనిఫాం పాడైందని ఇంట్లో తిట్లు పడతాయని మట్టి ముట్టుకోకుండా దూరంగా నిలబడే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. పాత చొక్కా ఒకటి, పెద్ద సైజైనా ఫర్వాలేదు, కాలర్ లోపల పేరు రాసి బ్యాగులో పెట్టి పంపండి. వంట రోజుకి, తోట రోజుకి అదొక్కటే చాలు.