రైట్ ఫీల్డ్‌లో నిలబడ్డ చిన్నోడికి, మా అరుగు మీది పిల్లలకి

కావలి,
ఆదివారం సాయంత్రం.

చిన్నోడికీ, వాడి భుజం మీదుగా తొంగి చూస్తూ ఇది చదివే అక్కకీ, ఇక్కడ మా అరుగు మీద చేరే పిల్లలందరికీ తాతయ్య రాసేది.

నిన్న ఫోనులో నువ్వు "తాతా, బేస్‌బాల్ పరమ బోర్, మానేస్తా" అన్నావు. వెనకనుంచి మీ అమ్మ "బూట్లు కొన్నాం, గ్లవ్ కొన్నాం, సీజన్ మొత్తానికీ ఫీజు కట్టాం, ఇప్పుడు మానేస్తాడంట!" అని అరిచింది. ఫోను స్పీకర్‌లో ఉంది. అరుగు మీద క్యారమ్స్ ఆడుతున్న పిల్లలు అంతా విన్నారు. ఇక చూడు, ఒకటే రగడ. ఆ ఆటేందో తెలియకుండానే సగం మంది నీ పక్షం, సగం మంది మీ అమ్మ పక్షం. ఒకడైతే "క్రికెట్ ఉండగా ఆ కర్రాట ఎందుకు తాతా?" అని తీర్పే చెప్పేశాడు. అందుకే మీకందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నా. ముందు ఇక్కడ చదివి వినిపిస్తా. తర్వాత ఫోటో తీసి మీ అమ్మకి వాట్సాప్‌లో పెడతా.

నీకు బోర్ కొట్టిందంటే నేను నమ్ముతాను, సాకు అనుకోను. పోయిన మే నెలలో నీ మ్యాచ్‌కి వచ్చి కళ్ళారా చూశాను కదా. అమెరికాలో మీ డాలస్ ఎండ మన రోహిణి కార్తెకి ఏమీ తీసిపోలేదు. మడత కుర్చీలో గొడుగు పట్టుకుని కూర్చుని, జేబులో ఉన్న మందుల చీటీ వెనక లెక్క రాశా. రెండు గంటల్లో నీ దగ్గరకి బంతి రెండుసార్లు వచ్చింది. అందులో ఒకటి పక్క మైదానం నుంచి దారి తప్పి దొర్లుకుంటూ వచ్చినది. బ్యాటింగ్‌కి రెండుసార్లు వెళ్ళావు. ఒకసారి ఒక్క బంతీ కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచి పోయావు, ఇంకోసారి మూడు స్ట్రైకులై తిరిగొచ్చావు. మిగతా టైమంతా రైట్ ఫీల్డ్‌లో, అంటే బ్యాటర్ వైపు నుంచి చూస్తే కుడిపక్కన దూరంగా ఉండే చోట, గడ్డి పీకుతూ ఆకాశం చూస్తూ నిలబడ్డావు. కారులో "ఎట్టుందిరా ఆట?" అని అడిగితే "పదకొండు విమానాలు" అన్నావు.

ఇక్కడి పిల్లలకి ఆట కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ గొడవ వాళ్ళకి అర్థం కాదు. నేల మీద ఒక చతురస్రం గీసి, ఒక మూల దగ్గర బ్యాట్ పట్టుకుని నిలబడండి. నాలుగు మూలలూ నాలుగు బేసులు. పెద్దలాటలో బేసుకీ బేసుకీ 90 అడుగులు. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు, 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి విసురుతాడు. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు, అంటే అంతకన్నా దగ్గర. పైగా బంతి నేలకి తగలకుండా నేరుగా మీదికొస్తుంది. బ్యాటేమో రోకలిలా గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి కర్రతో గుండ్రటి బంతిని సరిగ్గా మధ్యలో తగిలించడం ఎంత కష్టమో, రోకలి తీసుకుని ప్రయత్నించండి (మీ అమ్మ చూడకుండా). మీరు నిలబడ్డ మూల నుంచి రెండు పక్కలా పోయే గీతల్ని ఇంకా ముందుకి సాగదీస్తే, వాటి మధ్య బంతి పడితే పరుగెత్తాల్సిందే. మనలాగా పుల్ల పెట్టి ఆపి, క్రీజులో నిలబడిపోతానంటే కుదరదు. క్యాచ్ పడితే అవుట్. నువ్వు మొదటి బేస్ చేరేలోపు బంతి చేరినా అవుట్. కొట్టదగ్గ బంతిని వదిలేసినా, బ్యాట్ తిప్పి తగిలించలేకపోయినా ఒక స్ట్రైకు, మూడు స్ట్రైకులైతే అవుట్. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు వంతు. నాలుగు మూలలూ చుట్టి బయల్దేరిన చోటికి వస్తే ఒక పరుగు. ఆ చోటుని వాళ్ళు 'హోమ్' అంటారు, ఇల్లు అన్నమాట.

ఇందులో మీకు కొత్తదేమీ లేదు. బిళ్ళంగోడులో బిళ్ళని గాల్లో పట్టేస్తే అవుట్ కదా, ఇదీ అంతే. ఏడు పెంకులాటలో పరుగెత్తేవాణ్ణి బంతి పెట్టి కొడతాం, వీపు మంట పుడుతుంది, వాడు అవుట్. వెనకటికి బేస్‌బాల్‌లో కూడా అట్టాగే రన్నర్‌ని బంతితో కొట్టి అవుట్ చేసేవాళ్ళు. 1845లో న్యూయార్కులోని నికర్‌బాకర్ అనే క్లబ్బు రాసుకున్న నియమాల్లో అది కూడదన్నారు. మన పెంకులాటకి ఇంతవరకూ ఎవరూ అట్టాంటి నియమం రాయలేదు, మీ వీపులు చూస్తేనే తెలుస్తోంది. ఇంకో సంగతి. దేశాల మధ్య మొట్టమొదటి క్రికెట్ మ్యాచ్ జరిగింది కూడా న్యూయార్కులోనే, 1844లో, అమెరికాకీ కెనడాకీ. కాబట్టి "వాళ్ళకి క్రికెట్ తెలియదు" అని ఊరికే వాగొద్దు.

చిన్నోడా, ఇప్పుడు నీ సంగతి. నీ మ్యాచ్ ఎందుకంత చప్పగా ఉందో నేను చాలాసేపు ఆలోచించాను. తొమ్మిదేళ్ళ పిచ్చర్ విసిరే బంతి ఒకటి నెత్తి మీదుగా పోతుంది, ఒకటి కాళ్ళ దగ్గర పడుతుంది. కొట్టడానికి వీలు లేని బంతులు నాలుగు వేస్తే బ్యాటర్‌ని ఊరికే మొదటి బేస్‌కి పంపిస్తారు. వాడి తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత ఇంకొకడు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ పట్టలేదు, అందరూ నడిచారు! అట్టా నడకలోనే పరుగులు కూడా వచ్చేశాయి. అది చూస్తుంటే నాకు రేషన్ క్యూ గుర్తొచ్చింది. నువ్వు ఇంకా చిన్నప్పుడు ఆడినప్పుడు ఇట్టా లేదు. అప్పుడు బంతిని ఒక స్టాండు మీద పెట్టేవాళ్ళు, ఆగి ఉన్న బంతిని ప్రతివాడూ కొట్టేవాడు, ప్రతివాడూ పరుగెత్తేవాడు. ఆ వీడియోల్లో నువ్వు బేసు తెలియక ఎదురు దిక్కుకి పరుగెత్తుతూ పగలబడి నవ్వుతున్నావు. ఆ ఆట ఈ ఆట ఒకటే, వయసుకి తగ్గట్టు మార్చారు, అంతే. అసలు మీ లిటిల్ లీగే అట్టా పుట్టింది. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన పెద్దల మైదానాన్ని పిల్లల కొలతకి కుదించాడు. అందుకే మీకు బేసుల మధ్య 60 అడుగులు, పిచ్చర్ 46 అడుగుల దూరం, తొమ్మిదికి బదులు ఆరు ఇన్నింగ్స్. అంత కుదించినా కొట్టగలిగే బంతి విసరడం ఆ వయసు వాళ్ళకి ఒక పట్టాన రాదు. ఏడాది రెండేళ్ళలో వస్తుంది. ఈ మధ్యకాలమే గడ్డుకాలం.

పెద్దవాళ్ళకి మాత్రం బోర్ కొట్టలేదంటావా? పిచ్చర్ బంతిని నిమురుకుంటూ, బ్యాటర్ గ్లవ్‌లు బిగించుకుంటూ కాలయాపన చేస్తుంటే అమెరికా జనమే విసుక్కున్నారు. 2022లో మేజర్ లీగ్ (అక్కడి పెద్ద ప్రొఫెషనల్ పోటీ) మ్యాచ్ సగటున 3 గంటల 4 నిమిషాలు పట్టేది. 2023లో గడియారం పెట్టారు. బేసుల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో, ఉంటే 20 సెకన్లలో పిచ్చర్ విసరడం మొదలెట్టాలని ఆ ఏడు నియమం పెట్టారు. ఆ ఏడు సగటు 2 గంటల 40 నిమిషాలకి దిగింది. కాబట్టి నీది తప్పుడు ఫిర్యాదు కాదని మీ అమ్మకి చూపించు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. డ్రిల్లు మాస్టారుగా ఉన్న రోజుల్లో క్రికెట్ ఆడించేటప్పుడు, బాగా ఆడేవాళ్ళని వికెట్ల దగ్గర, ఆడలేనివాళ్ళని వేపచెట్టు దగ్గర నిలబెట్టేవాణ్ణి. సన్నగా పుల్లలా ఉండే పిల్లోడు ఒకడు మూడేళ్ళు ఆ వేపచెట్టు కిందే ఉన్నాడు. తూనీగలు పట్టేవాడు. "ఆట మీద ధ్యాస లేదురా నీకు" అని తిట్టేవాణ్ణి. వాడికి బంతి ఎప్పుడు ఇచ్చాను కనుక ధ్యాస ఉండటానికి? ఇది నాకు అప్పుడు తట్టలేదు. డాలస్‌లో నువ్వు విమానాలు లెక్కపెడుతుంటే తట్టింది. రైట్ ఫీల్డ్ అంటే మీ కోచ్‌కి వేపచెట్టు.

అయితే ఆ చోటు గురించి నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నేను కూడా తర్వాతే నేర్చుకున్నా. బ్యాటర్ బంతిని నేలబారుగా కొట్టాడనుకో. లోపలున్నవాడు దాన్ని అందుకుని మొదటి బేస్‌కి విసురుతాడు. మీ వయసులో ఆ విసురు చాలాసార్లు గురి తప్పి వెనక్కి పోతుంది. వెనక ఎవరుండాలి? రైట్ ఫీల్డర్ ఉండాలి. అంటే బంతి కొట్టిన చప్పుడు వినగానే నువ్వు మొదటి బేస్ వెనక్కి పరుగు తీయాలి. పదిసార్లు పరుగెత్తితే ఎనిమిదిసార్లు ఊరికే పోవచ్చు. మిగిలిన రెండుసార్లు, నువ్వు లేకపోతే రన్నర్ ఇంకో బేస్ కొట్టేసేవాడు. ఇంకోటి, బ్యాట్ ఆలస్యంగా తిప్పే కుడిచేతి పిల్లలు కొట్టిన బంతి నీ వైపుకే వస్తుంది. వాడు గట్టి పిచ్చర్‌ని ఎదుర్కొంటున్నాడంటే నువ్వు రెండు అడుగులు ముందుకి జరిగి కాచుకోవాలి. ఇదంతా చూస్తుంటే విమానాలకి టైముండదు.

నిరుడు సెలవులకి వచ్చినప్పుడు చెరువు గట్టు మీద గాలం పట్టుకుని రెండు గంటలు కూర్చున్నావు. పడింది ఒకే ఒక చిన్న జెల్ల. ఇంటికి రమ్మంటే "ఇంకో పది నిమిషాలు తాతా" అని బతిమాలావు. మీ అక్క ఐదు నిమిషాలకే లేచిపోయింది. నీ కళ్ళు బెండు మీద ఉన్నాయి, అది కదిలితే ఏం చేయాలో నీకు తెలుసు. మీ అక్కకేమో ఏం చూడాలో కూడా ఎవరూ చెప్పలేదు.

ఇంకొక్క మాట, అది నీకు మాత్రమే. (అరుగు మీద చదివేటప్పుడు ఈ ముక్క దాటేస్తాలే.) 'బోర్' అనే మాట చాలా సులువు. ఆ బంతి దాదాపు 142 గ్రాములు ఉంటుంది, గట్టిగా ఉంటుంది. తగులుతుందేమోనని భయమేసినా బోర్ అనే అంటాం. మూడు స్ట్రైకులై వచ్చేటప్పుడు కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్ళ మొహాలు చూడలేక టెన్షన్ పడినా బోర్ అనే అంటాం. నీ సంగతేంటో నాకు చెప్పనక్కర్లేదు. కాకపోతే ఒక లెక్క విను. పదిసార్లలో మూడుసార్లు కొట్టి బేస్ చేరగలిగితే ఆ ఆటలో అతన్ని గొప్ప బ్యాటర్ అంటారు. టెడ్ విలియమ్స్ 1941లో సగటున పదికి నాలుగు కొట్టాడు, .406 అని రాస్తారు. ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అంతటివాడు కూడా పదికి ఆరుసార్లు తలొంచుకుని తిరిగొచ్చినట్టే కదా. మన లెక్కల పరీక్షలో అయితే నలభై మార్కులకి మీ అమ్మ ఏమనేదో!

గట్టి మనసుతో ఇంకోటి కూడా చెప్పాలి. ఇవన్నీ చేసినా నీకు ఆ ఆట నచ్చకపోతే నచ్చలేదనే అర్థం. అందరికీ అన్నీ నచ్చవు. నాకు టెస్ట్ మ్యాచ్ ఐదు రోజులూ చూడటం పండగ, మీ అమ్మమ్మకి తలనొప్పి. అయినా యాభై ఏళ్ళుగా కాపురం చేస్తూనే ఉన్నాం. సీజన్ అయ్యేదాకా ఉండు, జట్టులో నీ పేరుంది కనుక. ఈలోపు కోచ్ దగ్గరకి నువ్వే వెళ్ళి, ఒక్క ఇన్నింగ్స్ సెకండ్ బేస్ దగ్గర ఆడతానని అడుగు. అమ్మచేత అడిగించొద్దు. మ్యాచ్‌లో ప్రతి పిల్లవాడికీ కనీసం ఒకసారి బ్యాటింగు, ఆరు అవుట్లదాకా ఫీల్డింగు ఇవ్వాలని లిటిల్ లీగ్ నియమాల్లోనే ఉంది. ఎక్కడ నిలబెట్టాలో మాత్రం రాయలేదు, అందుకే నోరు తెరిచి అడగాలి. సీజన్ అయ్యాక కూడా మానేస్తానంటే మీ అమ్మతో నేను మాట్లాడతా. బూట్ల డబ్బులు కావాలంటే నా పెన్షన్‌లోంచి పంపుతా.

మనం పార్కులో ఆడింది మర్చిపోకు. నువ్వు, అక్క, పక్కింటి ఇద్దరు పిల్లలు, నేను. టెన్నిస్ బంతి, మూడే బేసులు, పిచ్చర్‌ని నేనే. నడిచి పోవడాలు లేవు, కొట్టేదాకా వేస్తూనే ఉన్నా. చీకటి పడినా మీరు కదల్లేదు, నా భుజం రెండు రోజులు లేవలేదు. ఆ రోజు విమానాలు ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఈ ఉత్తరం ఇంకా పూర్తి కాకముందే వీధిలో ఆట మొదలైపోయింది. మొదటి బేస్ ఒక చెప్పు, రెండో బేస్ కరెంటు స్తంభం, మూడో బేస్ ఎదురింటి గడప. ఆవిడ ముగ్గు తొక్కారని చీపురు పట్టుకుని బయటికొచ్చింది. "హోమ్ ఎక్కడ తాతా?" అని అరుస్తున్నారు. మన అరుగే అని చెప్పా.

వచ్చే శనివారం మ్యాచ్‌లో బంతి నీ చేతికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టొద్దు. బంతి కోసం నువ్వు ఎన్నిసార్లు పరుగెత్తావో లెక్కపెట్టి, ఆ అంకె ఒక్కటి నాకు పంపు.

మీ తాతయ్య