జపాన్ వెళ్తే సైన్యంలోకి లాక్కుంటారా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో జపాన్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు భాషతో పాటు అక్కడి ప్రభుత్వం ఎలా నడుస్తుందో కూడా చెప్తుంటాను. ఉత్తర కొరియా క్షిపణి వదిలిందని వార్త వస్తే చాలు, తల్లిదండ్రుల ఫోన్లు మొదలు. అడిగేది దాదాపు ఒకటే: సైనికుల కొరత వల్ల అక్కడున్న మనవాళ్లనీ సైన్యంలోకి లాక్కుంటారని వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది, అది నిజమేనా అని.

అపోహ: యుద్ధం వస్తే అక్కడున్న విదేశీయుల్ని కూడా సైన్యంలో చేర్చుకుంటారు.

వాస్తవం: చేర్చుకోరు. జపాన్‌లో సొంత పౌరులకే నిర్బంధ సైనిక సేవ లేదు. ఇష్టం లేని చాకిరీని రాజ్యాంగం 18వ అధికరణం నిషేధిస్తుంది. దాని ప్రకారం నిర్బంధ సేవ చెల్లదని అక్కడి ప్రభుత్వాలే ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాయి. ఆత్మరక్షణ దళాల్లో (అక్కడి సైన్యం పేరు అదే) చేరాలంటే జపాన్ పౌరసత్వం ఉండి తీరాలి. మీ అబ్బాయి ముచ్చటపడి దరఖాస్తు పెట్టినా పక్కన పడేస్తారు.

వాట్సాప్‌లో తిరిగే ఆ ఫార్వర్డ్‌లో నిజం ఒక్క ముక్కే: అక్కడ సైనికుల కొరత ఉంది. 2023 ఆర్థిక సంవత్సరంలో 19,598 మంది కావాలనుకుంటే 9,959 మందే చేరారు. దానికి వాళ్లు వెతుక్కున్న దారులు జీతాలు పెంచడం, చేరే వయోపరిమితిని 2018లో 26 నుంచి 32కి పెంచడం లాంటివి. మిగతా కథంతా ఎవరో అల్లిందే. దాన్ని నమ్మి ఒక కుటుంబం చేతికొచ్చిన ఆఫర్ వదిలేసుకుంది. నాకు ఒళ్లు మండేది అందుకే.

భయపడేవాళ్లను మాత్రం ఏమీ అనను. రష్యాలో ఉద్యోగమని వెళ్లి, సైన్యంలో చిక్కుకుని ప్రాణం పోగొట్టుకున్న హైదరాబాదీ వార్త 2024లో అందరం చదివాం. నిజామాబాద్ నుంచి ఒకాయన కూతురి కాంట్రాక్టు పట్టుకొచ్చారు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని. ఒక వరుస కింద పెన్నుతో రెండుసార్లు గీత గీసి ఉంది: పనిచేసే చోటు, పని ఎంతవరకు మారవచ్చు అన్నది. "సార్, రేపు లడాయి అయితే పని మార్చినమని బార్డర్‌కు తోలుతరా?" అన్నారు. జపాన్‌కు భూ సరిహద్దే లేదని చెప్పబోయి ఆగాను. 2024 ఏప్రిల్ నుంచి కార్మిక చట్టం కింద ప్రతి యజమానీ ఆ వివరం రాసివ్వాల్సిందే, అది కార్మికుల మేలు కోసం పెట్టిందని చెప్పి, కాగితం మొత్తం వరుస వరుసా చదివి వినిపించాను.

అపోహ: జపాన్‌కు సైన్యమే లేదు, అంతా అమెరికాయే చూసుకుంటుంది.

1954 నుంచి భూ, నౌకా, వైమానిక ఆత్మరక్షణ దళాలున్నాయి. అమెరికా స్థావరాలూ ఉన్నాయి, కానీ ఈ దళాలకు ఆజ్ఞ ఇచ్చేది జపాన్ ప్రధాని, ఆ కింద రక్షణ మంత్రి. మంత్రులు సైనికులు కాకుండా మామూలు పౌరులే అయి ఉండాలని రాజ్యాంగం 66వ అధికరణం చెబుతుంది. మూడు దళాలనూ కలిపి నడిపే సంయుక్త కమాండ్ 2025 మార్చిలోనే టోక్యో ఇచిగాయాలో మొదలైంది.

అపోహ: జపాన్ చేతిలో ఉన్నా చైనా తనవనే సెంకాకు దీవుల దగ్గర టీవీలో కనిపించే తెల్ల ఓడలు నేవీవి.

కోస్ట్ గార్డ్‌వి. మన కోస్ట్ గార్డ్ రక్షణ శాఖ కింద ఉంటుంది కాబట్టి పొరబడతాం. అక్కడ అది రవాణా వ్యవహారాలు చూసే మంత్రిత్వ శాఖ కిందిది.

అపోహ: ఫోన్లో జె-అలర్ట్ (క్షిపణి, భూకంపం లాంటి ప్రమాదాలప్పుడు ప్రభుత్వం పంపే హెచ్చరిక) మోగిందంటే పాలన సైన్యం చేతికి వెళ్లినట్టే.

ఆ వ్యవస్థను నడిపేది అగ్నిమాపక, విపత్తు నిర్వహణ సంస్థ. భూకంపమొచ్చినా సాధారణంగా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) గవర్నర్ అడిగితేనే దళాలు దిగుతాయి. 1995 కోబె భూకంపంలో ఆ అభ్యర్థన వెళ్లేసరికి నాలుగు గంటలు దాటింది. బాగా విమర్శలొచ్చాక నిబంధనలు సడలించారు. క్షిపణి అలర్ట్ మోగితే గట్టి భవనంలోకో, భూగర్భ మార్గంలోకో వెళ్లాలి. లోపలుంటే కిటికీలకు దూరంగా జరగాలి. హెచ్చరికలు ఇంగ్లిష్‌లో కావాలంటే 'సేఫ్టీ టిప్స్' యాప్ ఉంది, బయల్దేరే ముందే పిల్లల ఫోన్లో వేయించండి.