పొలం గట్టు మీద లేజరు పెట్టె

తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు మాగాణి భూములు ఏడాదిలో రెండు రకాలుగా ఉంటాయి. సార్వాలో కృష్ణా కాలవల నీళ్లతో వరి నిలుస్తుంది. కోతల తర్వాత అదే నేలలో దుక్కి దున్నకుండానే మొక్కజొన్న గింజ పెడతారు. లేదంటే వరి కోయకముందే చేలో మినుము చల్లేస్తారు. మన రైతుకు ఇందులో వింతేమీ లేదు. భూతాపం లెక్కలు కట్టేవాళ్లకు మాత్రం ఇది పెద్ద చిక్కు. పంట మారగానే ఆ నేల నుంచి లేచే వాయువు కూడా మారిపోతుంది మరి.

నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి అందదు. ఆక్సిజన్ అక్కర్లేని సూక్ష్మజీవులు అక్కడ కుళ్లిన మోళ్ల మీదా వేళ్ల మీదా బతుకుతూ మీథేన్ వదులుతాయి. బుడగలుగా పైకొచ్చేది కొంతే, ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి నాళాల గుండా బయటపడుతుంది. నీళ్లు తీసేసి నేల ఆరితే మీథేన్ దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత మొక్కజొన్నకు యూరియా వేసి తడి పెట్టగానే ఇంకో రకం సూక్ష్మజీవుల వంతు వస్తుంది. అవి అమ్మోనియాన్ని నైట్రేటుగా, నైట్రేటును తిరిగి నత్రజని వాయువుగా మార్చే దారిలో కొంత నైట్రస్ ఆక్సైడ్ జారిపోతుంది. నేల ఎండి ఉన్నా, పూర్తిగా మునిగి ఉన్నా ఇది తక్కువే. మట్టి సందుల్లో సగానికి పైగా నీళ్లు, మిగతా గాలి ఉన్నప్పుడు బాగా ఎగదన్నుతుంది.

వందేళ్ల లెక్కన చూస్తే కిలో మీథేన్ సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. కిలో నైట్రస్ ఆక్సైడ్ అయితే 273 కిలోలతో సమానం. ఒక 45 కిలోల యూరియా బస్తా తీసుకోండి. అందులో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. వేసిన నత్రజనిలో నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందన్నది ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల కమిటీ (ఐపీసీసీ) ఇచ్చిన సగటు. ఆ లెక్కన బస్తాకు 207 గ్రాముల నత్రజని పోతుంది, దానికి ఆక్సిజన్ బరువు కలిస్తే దాదాపు 325 గ్రాముల వాయువు, అంటే సుమారు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. యూరియా తయారీలో వెలువడేది ఇందులో కలపలేదు.

ఆ 'నూటికి ఒకటి' మాత్రం ప్రపంచం మొత్తానికి కట్టిన సగటు. తడి వాతావరణంలో ఎక్కువ, పొడి వాతావరణంలో తక్కువ అని 2019లో దాన్ని విడదీశారు కూడా. మన నల్లరేగడిలో, మన తడుల మధ్య అసలు ఎంత పోతోందో తెలియాలంటే చేలోకి దిగి కొలవాల్సిందే.

పాత పద్ధతిలో ఒక లోహపు చట్రాన్ని ముందే మట్టిలో దించి ఉంచుతారు. కొలిచే రోజున దాని మీద పెట్టె బోర్లించి, పది పదిహేను నిమిషాలకోసారి సిరంజితో లోపలి గాలి తీసి, సీసాల్లో భద్రపరిచి ప్రయోగశాలకు పంపుతారు. రోజు మొత్తం సగటుకు దగ్గరగా ఉంటుందని ఎక్కువగా ఉదయం పూటే ఈ పని పెట్టుకుంటారు. వరి మడిలో అయితే మొక్క లోపల పట్టేంత ఎత్తు పెట్టె కావాలి. పైగా నేరుగా బురదలో కాలు పెట్టకూడదు. అడుగు పడితే మట్టిలో చిక్కుకున్న మీథేన్ బుడబుడమని లేచి లెక్కంతా తప్పిస్తుంది. అందుకే ముందుగానే చెక్క పలకలు పరిచి, వాటి మీదే నిలబడి పని చేస్తారు.

ఇప్పుడు ఆ ప్రయోగశాలే గట్టు మీదికొచ్చింది. పెట్టె నుంచి రెండు సన్నని గొట్టాలు బ్యాటరీతో నడిచే పరికరంలోకి వెళ్తాయి. ఒకటి గాలిని తీసుకెళ్తుంది, ఇంకొకటి తిరిగి తెస్తుంది. లోపల ఎదురెదురు అద్దాల మధ్య లేజరు వెలుగు వేల సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. జానెడు పొడవు గదిలోనే ఆ వెలుగు కిలోమీటర్ల దూరం ప్రయాణిస్తుంది. ఒక్కో వాయువు తనకు నప్పిన రంగు వెలుగునే మింగుతుంది కాబట్టి, ఎంత తగ్గిందో చూస్తే వాయువు ఎంత ఉందో తెలుస్తుంది. బయటి గాలిలో నైట్రస్ ఆక్సైడ్ వంద కోట్లలో దాదాపు 340 వంతులు ఉంటుంది. అందులో ఒక్క వంతు పెరిగినా ఈ పరికరం పసిగట్టగలదు. పావు మీటరు ఎత్తు పెట్టెలో నిమిషానికి పది వంతుల చొప్పున పెరుగుతోందనుకుందాం. ఆ వేగమే రోజంతా సాగితే ఎకరానికి సుమారు 25 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్, అంటే ఏడు కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. నాలుగైదు నిమిషాల్లో ఈ సంగతి తేలిపోతుంది, వెంటనే పెట్టె ఎత్తి పక్క సాలుకు వెళ్లొచ్చు.

అసలు మేలు ఈ కదలికలోనే ఉందని నా నమ్మకం. నైట్రస్ ఆక్సైడ్ చేనంతా ఒకేలా రాదు. యూరియా గుప్పెడు ఎక్కువ పడ్డ చోట, కుళ్లిన వేరు ఉన్న చోట బారెడు దూరంలోనే ఎన్నో రెట్ల తేడా వస్తుంది. రెండు మూడు చోట్ల కొలిచి ఎకరం మొత్తానికి అంటగట్టడం నాకు న్యాయంగా తోచదు. నార్వేలో ఈ ఇబ్బంది చూసే, రెండు పెట్టెలు మోసుకుంటూ చేలో తానే తిరిగే రోబోను తయారు చేశారు. మనకు అంత అక్కర్లేదు. ఒక వ్యాను, ఇద్దరు విద్యార్థులు, నాలుగు చట్రాలు ఉంటే ఒక్క పూటలోనే చాలా చోట్ల కొలవచ్చు.

నల్లరేగడి మాత్రం కొత్త సమస్య తెచ్చిపెడుతుంది. ఆరినప్పుడు బెత్తెడు వెడల్పు నెర్రెలు పడుతుంది, చట్రం కింద నుంచే గాలి జారిపోతుంది. అప్పుడు పరికరం చూపే తక్కువ అంకె నేల మంచితనం కాదు, కారుతున్న పెట్టె. ఇలాంటి నేలలో వేసే మిరప చేలో చట్రాన్ని లోతుగా దించి, చుట్టూ మట్టి మెత్తి, ఒకటి రెండు తడుల ముందే సిద్ధం చేసుకోవాలి. ఎండకు పెట్టె లోపల వేడెక్కకుండా మెరిసే రేకు చుట్టాలి. మొక్కలు వదిలే నీటి ఆవిరి లెక్కను కూడా తీసేయాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, వరిలో తడి-పొడి పద్ధతికి కార్బన్ క్రెడిట్లంటూ, అంటే తగ్గించిన వాయువుకు లెక్కకట్టి డబ్బిస్తామంటూ మాటలు ఇప్పటికే పల్లెల్లో వినపడుతున్నాయి. చిల్లుల గొట్టం పాతి, నీరు నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాక మళ్లీ తడి పెడితే మీథేన్ గణనీయంగా తగ్గుతుంది, అది నిజం. అయితే మడి ఆరి తడిసే ప్రతిసారీ, అందులోనూ యూరియా పైపాటుగా వేసిన రోజుల్లో, నైట్రస్ ఆక్సైడ్ లేచే అవకాశం ఉంది. మీథేన్ ఒక్కటే కొలిచి రైతు ఖాతాకు లెక్క కడితే ఆ లెక్క సగమే అవుతుంది. రెండు వాయువులూ ఒకే మడిలో, ఒకే పూట కొలవాలి.

గుంటూరు దగ్గరి లాంలో మిరప, పత్తి పరిశోధన ఉంది. బాపట్లలో సాంబ మసూరి పుట్టిన వరి పరిశోధన ఉంది. మధ్య దూరం రెండు గంటల లోపు ప్రయాణమే. ఒకే బండి రెండు చోట్లా తిరగొచ్చు. తిరిగే రోజులను మాత్రం రైతు చేతి పనిని బట్టి పెట్టుకోవాలి. యూరియా వేసి తడి పెట్టిన రోజు నుంచి పది రోజుల పాటు రోజూ కొలవాలి, ఆ తర్వాత వారానికోసారి చాలు. వారానికోసారి అని మొదటి నుంచీ పట్టిక గీసుకుంటే, పెల్లుబికిన నాలుగు రోజులూ ఆదివారం సెలవుకూ సోమవారం ప్రయాణానికీ మధ్యే జారిపోతాయి.